ఉప్పటి నుదురు: గర్భకాలంలో సిస్టిక్ ఫైబ్రోసిస్ వాహక పరీక్ష

ముద్దు పెట్టుకున్నపుడు పెదవులకు నుదురు ఉప్పగా తగిలే శిశువు ఎక్కువ కాలం బ్రతకదని యూరప్ జానపదులలో పూర్వం ఒక నమ్మకం ఉండేది. చాలాకాలం దీనిని మూఢనమ్మకంగానే భావించారు. 1938లో న్యూయార్క్ వైద్యురాలు డొరొతీ ఆండర్సన్ ఈ వ్యాధిని స్పష్టంగా వర్ణించి, క్లోమగ్రంథిలో ఏర్పడే తిత్తులను, మచ్చలను బట్టి పేరు పెట్టినపుడు కూడా ఉప్పు ప్రస్తావన లేదు. 1948 వేసవిలో ఆ నగరంలో ఎండలు మండిపోయినపుడు సొమ్మసిల్లి ఆసుపత్రికి చేరిన పిల్లలలో పలువురు ఈ రోగులే కావడం వైద్యుల దృష్టిని ఆకర్షించింది. వారి చెమటలో సోడియం, క్లోరైడ్ అత్యధికంగా ఉన్నట్లు 1953లో పాల్ డి సాంటాగ్నీస్ నిరూపించాడు. జానపదుల నాలుక చెప్పినది నిజమే!

చెమటగ్రంథి అడుగున తయారయ్యే ద్రవం అందరిలోనూ ఉప్పగానే ఉంటుంది. అది చర్మం పైకి వచ్చే దారిలో గ్రంథినాళం క్లోరైడును, దానితోపాటు సోడియమును తిరిగి గ్రహించి శరీరానికి అప్పగిస్తుంది. ఈ పనికి అవసరమైన ద్వారం వంటి ప్రోటీను లోపిస్తే ఉప్పు చెమటలోనే మిగిలిపోతుంది. ఊపిరితిత్తులలోను, క్లోమంలోను అదే ద్వారం మూసుకొనిపోతే స్రావాలు పలుచబడక జిగురుగా గడ్డకడతాయి. అందువల్లనే ఒకే లోపం ఒకచోట ఉప్పటి చెమటగాను, మరొకచోట ఎడతెగని దగ్గుగాను, ఇంకొకచోట అరగని క్రొవ్వుగాను కనిపిస్తుంది. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకు మించితే ఈ వ్యాధి ఉన్నట్లు నేటికీ పరిగణిస్తారు. ఇంత సులభమైన రసాయన పరీక్ష ఇంత జటిలమైన వ్యాధిని పట్టుకోవడం వైద్యశాస్త్రంలో అరుదు.

ఆ ప్రోటీనును నిర్మించే జన్యువును 1989లో లాప్-చీ ట్సుయి, ఫ్రాన్సిస్ కాలిన్స్, జాక్ రియోర్డన్ బృందాలు 7వ క్రోమోజోముపై గుర్తించాయి. 1480 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో 508వ స్థానంలోని ఫినైల్ అలనిన్ ఒక్కటి లోపించడమే యూరోపియన్ రోగులలో కనిపించే దోషాలలో సుమారు 70 శాతానికి కారణం. ఈ మార్పును ఎఫ్508డెల్ అంటారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ దోషపూరితమైతేనే వ్యాధి వస్తుంది. ఒక్క ప్రతి మాత్రమే చెడినవారు వాహకులు. వారు ఆరోగ్యంగానే ఉంటారు. బ్రిటనులో సుమారు 25 మందిలో ఒకరు వాహకులు. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒక వంతు.

జన్యువు దొరికిన వెంటనే, గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయవచ్చునా అన్న ప్రశ్న పుట్టింది. దానికి జవాబు వెదికిన ముఖ్య కేంద్రాలలో ఎడిన్‌బరో ఒకటి. 1990ల ఆరంభంలో డేవిడ్ బ్రాక్ నాయకత్వాన అక్కడి ప్రసూతి కేంద్రాలలో, నోటిని పుక్కిలించి ఉమ్మిన ద్రవం నుంచి కణాలను సేకరించి పరీక్షించారు. మొదటి పద్ధతిలో ముందుగా భార్యను, ఆమె వాహకురాలైతేనే భర్తను పరీక్షించేవారు. రెండవది 1991లో లండనులోని నికొలస్ వాల్డ్ ప్రతిపాదించిన దంపతుల పద్ధతి. ఇందులో ఇద్దరి నమూనాలనూ కలిపి పరిశీలించి, ఇద్దరూ వాహకులైతేనే ఆ మాట చెబుతారు. ఒక్కరే వాహకులైతే ఫలితం ‘ప్రమాదం తక్కువ’ అని మాత్రమే వస్తుంది. అనవసరమైన ఆందోళన తప్పుతుందన్నది దీని వెనుకనున్న తర్కం. తర్కం బాగానే ఉన్నది కాని, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు మూడు ఖండాలలో చెదరి ఉన్న తెలుగు కుటుంబానికి ఈ మౌనం మేలు చేయదు. ఒకరు వాహకులని తెలిస్తే, రేపు పెళ్ళి కావలసిన తమ్ముడికీ ఆ కబురు అందాలి కదా!

ఈ ప్రయోగాలు సాంకేతికంగా విజయవంతమైనా, బ్రిటనులో గర్భిణులందరికీ ఈ పరీక్ష చేసే జాతీయ పథకం ఏర్పడలేదు. కుటుంబంలో రోగి ఉన్నవారికి, జీవిత భాగస్వామి వాహకుడని తెలిసినవారికి, స్కానింగులో శిశువు ప్రేగులు అసాధారణంగా ప్రకాశవంతంగా కనిపించినవారికి దీనిని సూచిస్తారు. సికిల్ సెల్, థలసీమియాల సంగతి వేరు. ఇంగ్లండులో మిడ్‌వైఫ్ కుటుంబ మూలాల ప్రశ్నపత్రం నింపించే సందర్భంలో, ఆసియా సంతతి అనగానే ఆ పరీక్షలపై శ్రద్ధ పెరుగుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ విషయంలో అదే సమాధానం శ్రద్ధను తగ్గించవచ్చు. ‘ఇది తెల్లవారి జబ్బు’ అన్న భావన వైద్యులలోనే కాదు, మనవారిలోనూ బలంగా ఉన్నది.

ఆ భావన సగమే నిజం. భారతదేశంలో వ్యాధి అరుదే. అయినా అనుకున్నంత అరుదు కాదని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వంటి చోట్ల జరిగిన పరిశీలనలు తెలిపాయి. బరువు పెరగక, పదేపదే న్యుమోనియాతో చిక్కిపోయిన శిశువు మన ఊళ్ళలో పోషకాహార లోపం క్రిందనో, క్షయ క్రిందనో లెక్కకు వచ్చి ఉండవచ్చు. ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. భారతీయ రోగులలో ఎఫ్508డెల్ వాటా యూరోపియన్లలో కంటే చాలా తక్కువ. వివిధ పరిశీలనలలో అది సుమారు 19 నుంచి 44 శాతం మధ్య కనిపించింది. 1161డెల్‌సి వంటి, యూరప్‌లో అరుదైన మార్పులు మనవారిలో ఎదురవుతాయి. యూరోపియన్ మార్పుల జాబితాతో తయారైన పరీక్ష వాటిని చూడనే చూడదు.

దీని పర్యవసానం లెక్క వేసి చూస్తేనే బోధపడుతుంది. ఒక వ్యక్తి తోబుట్టువుకు ఈ వ్యాధి ఉన్నదనుకుందాం. తాను ఆరోగ్యంగా ఉన్నందున అతడు వాహకుడు అయ్యే అవకాశం మూడింట రెండు. అటువంటివారిని 600 మందిని తీసుకుంటే 400 మంది వాహకులు, 200 మంది కారు. పరీక్ష నూటికి తొంభై దోషాలను పట్టగలిగితే 40 మంది వాహకులు తప్పించుకుంటారు. అప్పుడు ‘దోషం కనబడలేదు’ అన్న నివేదిక అందుకొన్న 240 మందిలో వాహకులు ఆరింట ఒక వంతు. అదే పరీక్ష మనవారిలో సగం దోషాలనే పట్టగలిగితే 200 మంది వాహకులు తప్పించుకుంటారు. నివేదిక అందుకొన్న 400 మందిలో సరిగ్గా సగం మంది వాహకులే! కాగితం మీద అక్షరాలు ఒకటే. అర్థం మాత్రం నాణెం ఎగురవేసినంత అనిశ్చితం. కాబట్టి నివేదిక చూసిన దంపతులు అడగవలసిన మొదటి ప్రశ్న, ‘ఎన్ని మార్పుల కోసం వెదికారు, అవి ఎవరిలో కనిపించే మార్పులు?’ అన్నది.

మేనరికం గురించి కూడా ఇక్కడ చెప్పుకోక తప్పదు. ఒక వాహకుడు మేనత్త కూతురిని వివాహమాడితే, ఆమె కూడా అదే దోషాన్ని మోసే అవకాశం ఎనిమిదింట ఒకటి. అక్క కూతురిని వివాహమాడితే నాలుగింట ఒకటి. బయటి సంబంధంలో ఇంత ఉండదు. అయితే ఇందులో ఒక సౌలభ్యమూ లేకపోలేదు. రక్తసంబంధీకులైన దంపతులకు పుట్టిన రోగిలో సాధారణంగా రెండు ప్రతులలోనూ ఉండేది ఒకే మార్పు. దానిని ఒకసారి గుర్తిస్తే బంధువులలో వెదకవలసినది ఆ ఒక్కటే.

ఈ వెదుకులాటకు కాలం ముఖ్యం. మాయ నుంచి కణజాలం తీసే పరీక్ష సాధారణంగా 11 నుంచి 14 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 15 వారాల తరువాత చేస్తారు. వీటివలన గర్భస్రావం జరిగే అవకాశం 200లో ఒకటి కంటే తక్కువ. దంపతుల దోషాలేవో ముందే తెలియకపోతే శిశువులో దేనిని వెదకాలో ప్రయోగశాలకు తెలియదు. ఫలితం వచ్చిన తరువాత గర్భాన్ని కొనసాగించడమా, మానడమా అన్నది పూర్తిగా వారి నిర్ణయం. ఆ నిర్ణయపు స్వరూపం కూడా ఇటీవల మారింది. 2020లో ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవలో అందుబాటులోకి వచ్చిన కాఫ్ట్రియో అనే మందు చాలామంది రోగుల శ్వాసశక్తిని గణనీయంగా మెరుగుపరచింది. ఇది మొదట కనీసం ఒక ఎఫ్508డెల్ ప్రతి ఉన్నవారికే అనుమతి పొందింది. తరువాత మరికొన్ని మార్పులకు విస్తరించింది. ప్రోటీను ఏమాత్రం తయారుకానివ్వని మార్పులు ఉన్నవారికి ఈ మందు పనిచేయదు. అంటే ‘వ్యాధి ఉన్నదా’ అని మాత్రమే కాదు, ‘ఏ మార్పు వలన’ అన్నదీ తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

అందుచేత హైదరాబాదులోనో, విజయవాడలోనో దగ్గరి బంధువుల బిడ్డకు ఈ వ్యాధి ఉన్నదని తెలిసిన దంపతులు, గర్భధారణకు ముందే ఆ బిడ్డ జన్యు నివేదికను తెప్పించుకోవడం మంచిది. నివేదిక లేకపోతే హైదరాబాదు నిమ్స్‌లోని వైద్య జన్యుశాస్త్ర విభాగం వంటి చోట సలహా పొందవచ్చు. ఆ కాగితంతో ఇక్కడ జి.పి. ద్వారా ప్రాంతీయ జన్యు వైద్య కేంద్రానికి వెళితే, బంధువులలో ఆ ఒక్క మార్పునే వెదుకుతారు. ఫలితం లేదన్నపుడు నిజంగా లేదన్నట్లే. నివేదిక దొరకని పక్షంలో జన్యువు మొత్తాన్ని చదివే పరీక్ష వీలవుతుందేమో అడగాలి.

కుటుంబంలో ఎవరికీ లేనివారు ఇంతగా కలత చెందనవసరం లేదు. 2007 నుంచి బ్రిటను అంతటా శిశువు పుట్టిన అయిదవ రోజున మడమ నుంచి తీసే రక్తపు బొట్టులో ఈ వ్యాధికీ పరీక్ష జరుగుతున్నది. అందులో మొదట చూసేది జన్యువును కాదు, క్లోమం నుంచి రక్తంలోకి వచ్చే ట్రిప్సినోజెన్ మోతాదును. ఆ మోతాదు జాతిని బట్టి మారే మార్పుల జాబితాపై ఆధారపడదు.