రైలుకు దారిచ్చిన యంత్రం

రెండడుగుల అడ్డుకొలత, పదహారు అడుగుల పొడవు ఉన్న పచ్చి పైన్ దుంగను లెక్కగట్టి చూడండి. ఘనపరిమాణం సుమారు 50 ఘనపుటడుగులు. అప్పుడే నరికిన చెట్టు కాబట్టి ఒళ్లంతా నీరే. బరువు టన్నుకు పైమాటే. అలాంటి దుంగలు ఇరవై దాకా ఎక్కితే గాని ఒక వ్యాగన్ నిండదు. 19వ శతాబ్దం చివర అమెరికా అడవుల్లో ఒక పెద్ద సామిల్లు ఆగకుండా తిరగాలంటే రోజూ ఇలాంటి వ్యాగన్లు వరసగా నిండుతూ ఉండాలి. నేలమీద పడి ఉన్న దుంగ దాదాపు నాలుగడుగుల ఎత్తున్న వ్యాగన్ మీదికి చేరాలి. ఆ పైన రెండో వరస, మూడో వరస పేర్చాలి.

ఈ పని కోసమే పుట్టాయి ఆవిరి లోడర్లు. బరువులెత్తే యంత్రాలు అప్పటికే రేవుల్లో, గనుల్లో బోలెడన్ని ఉన్నాయి. అందుకని ఈ లోడర్ల బలం నాకంత గొప్పగా అనిపించదు. అడవిలో ఉన్న చిక్కు వేరు. అక్కడ ఉండేది ఒకే లైను. దాని మీద లోడరు నిలబడితే, ఖాళీ వ్యాగన్లు దాన్ని దాటి వెళ్లేదెలా? దారికి అడ్డంగా నిలబడుతూనే దారివ్వడం ఎలాగో కనిపెట్టిన మనుషుల తెలివి ఈ కథలో అసలు విషయం.

ఏటి నుంచి పట్టాలకు

అంతకుముందు కలప నీటి మీద వచ్చేది. మన్యం కలప తెప్పలుగా గోదావరి మీద రాజమండ్రి చేరినట్టే, మిషిగన్ రాష్ట్రంలో దుంగలు ఏర్ల వెంబడి మిల్లులకు చేరేవి. చలికాలమంతా నరికి, చక్రాల్లేని జారుడుబళ్ల మీద మంచులో లాక్కొచ్చి ఏటి ఒడ్డున గుట్టలు పోసేవారు. మంచు కరిగి వరద రాగానే నీళ్లలోకి తోసేవారు. ఏటికి మరీ దూరంగా ఉన్న చెట్టు బతికిపోయేది. మంచు సరిగా పడని ఏడాది వ్యాపారం పడిపోయేది.

1876–77 చలికాలం అలాంటిదే. మంచు సరిగా పడలేదు. విన్‌ఫీల్డ్ స్కాట్ గెరిష్ అనే కలప వ్యాపారి మాత్రం అడవి నుంచి ఏటి దాకా చిన్న రైలుమార్గం వేయించుకున్నాడు. అందరి దుంగలూ అడవిలోనే ఉండిపోగా ఆయనవి ఒడ్డుకు చేరాయి. అది చూసి మిగతావాళ్లూ పట్టాలు పరిచారు. 1881లో మిషిగన్‌కే చెందిన ఎఫ్రాయిమ్ షే గేర్లతో నడిచే ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. వంకర పట్టాల మీద, బాగా వాలున్న ఎగుళ్ల మీద కూడా మెల్లగా, గట్టిగా లాగే ఇంజను అది. ఓహాయో రాష్ట్రంలోని లైమా కార్ఖానా అలాంటివి 2,700కు పైగా తయారుచేసింది.

ఇక మంచుతో పనిలేదు, వరదతో పనిలేదు. ఏడాది పొడవునా నరకొచ్చు. కానీ ఏరు పల్లంలో ఉంటుంది, దుంగను తోస్తే చాలు. రైలు ఎత్తులో ఉంటుంది, దుంగను ఎక్కించాలి.

గొలుసు, గుర్రాల జత

మొదట్లో ఆ ఎక్కించే పని గుర్రాలతో, ఎడ్లతో జరిగింది. వ్యాగన్‌కు రెండు గట్టి వాసాలు ఏటవాలుగా ఆనించేవారు. గొలుసు ఒక కొసను వ్యాగన్‌కే కట్టి, రెండో కొసను దుంగ కిందినుంచి చుట్టి పైకి తీసి, వ్యాగన్ అవతల నిలబెట్టిన గుర్రాల జతకు తగిలించేవారు. గుర్రాలు నడిస్తే దుంగ వాసాల మీద దొర్లుకుంటూ పైకెక్కేది.

ఇందులో చక్కని భౌతికశాస్త్రం ఉంది. గొలుసు ఒక కొస కదలదు, రెండో కొసను గుర్రాలు లాగుతాయి, మధ్యలో దుంగ దొర్లుతుంది. అంటే దుంగే కదిలే కప్పీగా మారింది. గుర్రాలు రెండడుగులు నడిస్తే దుంగ ఒక్క అడుగే ఎక్కుతుంది. కాబట్టి వాటి మీద పడే భారం సగమవుతుంది. వాసాల వాలు ఆ సగాన్ని ఇంకా తగ్గిస్తుంది. టన్ను బరువున్న దుంగకు రెండు గుర్రాలు సరిపోయింది ఇందుకే.

దుంగ అడ్డం తిరగకుండా చూసుకునే మనుషుల చేతిలో ఒక ప్రత్యేకమైన పనిముట్టు ఉండేది. మెయిన్ రాష్ట్రంలో జోసెఫ్ పీవీ అనే కమ్మరి 1850ల చివర్లో చేసిన ఈ సాధనాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పీవీ అంటారు. పొడవాటి కర్ర, దాని కొసన ఇనప మొన, మొనకు కాస్త పైన మడతబందు మీద ఆడే కొక్కెం. కొక్కెం దుంగను కరవగానే కర్ర మొత్తం మీటగా పనిచేస్తుంది. వ్యాగన్ మీద నిలబడి దుంగను అందుకునే మనిషిది అందరికంటే ప్రమాదకరమైన పని. దుంగ ఒక కొస ముందుగా ఎక్కేసి అడ్డం తిరిగిందంటే అతనికి తప్పుకోవడానికి చోటుండదు.

ఒంటి లైను చిక్కు

గుర్రాల బదులు ఆవిరి ఇంజను పెడదామనుకున్నప్పుడు చిక్కు బయటపడింది. అడవిలో వేసే లైను తాత్కాలికం. అక్కడి చెట్లు అయిపోగానే పట్టాలు పీకి ఇంకోచోట పరుస్తారు. అలాంటి చోట రెండో లైను వేసే ఖర్చు ఎవరూ పెట్టరు. లోడరును పట్టాల పక్కన నేలమీద పెడదామంటే బురదలో, మొదళ్ల మధ్య అంత బరువును జరపడమే ఒక పని. పట్టాల మీద పెడితే లైను మూసుకుపోతుంది. దానికి అందేది ఆనుకుని ఉన్న వ్యాగన్ ఒక్కటే. అది నిండాక ఇంజను వచ్చి లాక్కెళ్లాలి, ఇంకో ఖాళీని తెచ్చి నిలబెట్టాలి. రైలింజను ఇలా రోజంతా అడవిలోనే తిరుగుతుంటే మిల్లుకు దుంగలు తీసుకెళ్లేదెవరు?

దీనికి ఒక జవాబు ఓహాయో రాష్ట్రంలోని మేరియన్ పట్టణం నుంచి వచ్చింది. అక్కడ హెన్రీ బార్న్‌హార్ట్, ఎడ్వర్డ్ హ్యూబర్, జార్జి కింగ్ కలిసి 1884లో ఆవిరితో నడిచే తవ్వకం యంత్రాల కంపెనీ పెట్టారు. బార్న్‌హార్ట్ పేరుతో ఆ కంపెనీ అమ్మిన లోడరు నేలమీది పట్టాల జోలికే పోలేదు, వ్యాగన్ల నెత్తికెక్కింది. ప్రతి వ్యాగన్ మీదా పొడవునా రెండు పట్టాలు బిగిస్తారు. రెండు వ్యాగన్ల మధ్య సందులో చిన్న పట్టాల ముక్కలు వేస్తారు. లోడరు తన ఉక్కు తాడును ముందున్న వ్యాగన్‌కు తగిలించి, ఆ తాడు చుట్టుకునే డ్రమ్మును తానే తిప్పుకుంటూ వ్యాగన్ మీంచి వ్యాగన్ మీదికి పాకుతుంది. రెండో వ్యాగన్ మీద నిలబడి మొదటిది నింపుతుంది, మూడో దాని మీదికి జరిగి రెండోది నింపుతుంది. అలా రైలు కొస వరకూ వెళుతుంది. అంతసేపూ రైలింజను పక్కన ఉండనక్కరలేదు.

పట్టాల మీద తవ్వకాల యంత్రాలు, వ్యాగన్ల మీద లోడర్లు నడిపించిన ఆ మేరియన్ కంపెనీయే 1960లలో నాసా కోసం భారీ క్రాలర్ వాహనాలు కట్టింది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్–5 రాకెట్లను నిలువునా నిలబెట్టి ప్రయోగవేదిక దాకా మోసుకెళ్లినవి అవే.

బార్న్‌హార్ట్ లోడరుకు ఉన్న ఇబ్బంది ఒక్కటే. ప్రతి వ్యాగన్‌కూ పైన పట్టాలు ఉండాలి. డెక్కర్ అనే మరో లోడరు ఈ ఇబ్బందిని ఇంకో దారిలో తప్పించుకుంది. అది రెండంతస్తులది. పైన బాయిలరు, ఇంజను, దుంగల్ని ఎత్తే పొడవాటి చెయ్యి లాంటి బూమ్. కింది అంతస్తులో పట్టాలు. ఖాళీ వ్యాగన్ వెనకవైపు వాలు మీదుగా ఎక్కి, లోడరు పొట్టలోంచి సాగి, ముందువైపు దిగి, బూమ్ కిందికొచ్చి ఆగుతుంది.

చక్రాలు ముడుచుకున్న మెక్‌గిఫర్ట్

నాకు అన్నిటికంటే ఇష్టమైన జవాబు మూడోది. సుపీరియర్ సరస్సు ఒడ్డున, మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో క్లైడ్ ఐరన్ వర్క్స్ అనే కార్ఖానా ఉండేది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో జాన్ ఆర్. మెక్‌గిఫర్ట్ రూపొందించిన లోడరును ఆ కార్ఖానా తయారుచేసింది.

దూరం నుంచి చూస్తే నాలుగు కాళ్ల మీద నిలబడ్డ రేకుల షెడ్డులా ఉంటుంది. షెడ్డులో బాయిలరు, డ్రమ్ములు, ముందుకు చాచిన బూమ్. ఒంపు తిరిగిన ఆ నాలుగు కాళ్లూ పట్టాలకు బయటగా, స్లీపర్ల కొసల మీద దిగుతాయి. చోటు మారాలంటే అడుగున ఉన్న చక్రాల చట్రాలు కిందికి వాలి పట్టాల మీద కూర్చుంటాయి, కాళ్లు నేలనుంచి లేస్తాయి, గొలుసులతో చక్రాలు తిప్పుకుంటూ యంత్రం తనంతట తానే నడుస్తుంది. పని మొదలుపెట్టే చోటికి రాగానే బరువు కాళ్ల మీదికి దిగుతుంది, చక్రాలు పైకి ముడుచుకుని షెడ్డు అడుగున దాక్కుంటాయి. ఇప్పుడు కాళ్ల మధ్య పట్టాలు పూర్తిగా ఖాళీ. వెనక వరసగా నిలబెట్టిన ఖాళీ వ్యాగన్లను లోడరు తాడుతో తానే లాక్కుంటుంది. అవి దాని కిందినుంచి ఒక్కొక్కటే వచ్చి నిండి ముందుకు పోతాయి. వ్యాగన్‌కు ప్రత్యేకమైన అమరిక ఏదీ అక్కరలేదు. సాయంత్రం రైలింజను వచ్చేసరికి ఒకవైపు నిండిన వరస సిద్ధంగా ఉంటుంది.

ఒక దుంగ ప్రయాణం

దగ్గరికి వెళ్లి ఒకే ఒక్క దుంగను చూద్దాం. బూమ్ కొసనుంచి వేలాడే ఉక్కు తాడుకు పెద్ద పటకారు ఉంటుంది. నేలమీది మనిషి దాన్ని దుంగ దాకా లాక్కెళ్లి, రెండు మొనలూ చెరోవైపు ఆనేట్టు పెట్టి, చెయ్యి ఊపి పక్కకు తప్పుకుంటాడు. లోపల లీవర్ల దగ్గరున్న మనిషి డ్రమ్మును తిప్పుతాడు. తాడు బిగుస్తుంది. పటకారు రెండు చేతులూ మధ్యలో ఒకే మేకు మీద ఆడతాయి కాబట్టి పై కొసల్ని లాగేకొద్దీ కింది మొనలు దగ్గరవుతాయి. దుంగ ఎంత బరువైతే అంత లోతుకు దిగుతాయి. పట్టును బిగించేది ఆ బరువే.

పట్టు దుంగకు సరిగ్గా నడిమధ్యన పడాలి. కాస్త పక్కకు పోతే ఒక కొస వాలుతుంది. మొన చెక్కను కాకుండా వదులు బెరడును కరిస్తే గాలిలో ఉండగానే జారిపోవచ్చు. పైకి లేచిన దుంగ వ్యాగన్ మీదికి వచ్చాక, పైన నిలబడ్డ మనిషి పీవీతో దాన్ని తన వరసలోకి తిప్పుకుంటాడు. తాడు వదులవగానే పటకారు పట్టు విడుస్తుంది. ఇదంతా అయ్యేది ఇద్దరు ముగ్గురు మనుషుల చేతి సైగల మీదే. యంత్రం చప్పుడులో మాట వినిపించదు. లీవర్లు పట్టినవాడి కన్ను ఒక్క క్షణం పక్కకు మళ్లినా పైనున్నవాడి ప్రాణం మీదికొస్తుంది.

బాయిలరుకు ఇంధనం కూడా ఆ అడవిదే. మిల్లుకు పనికిరాని ముక్కలే పొయ్యిలో పడేవి.

తరిగిన అడవి

లోడరు వచ్చాక లెక్కలు మారిపోయాయి. పట్టాలు, ఇంజన్లు, లోడరు, మిల్లు అన్నిటికీ అప్పటికే డబ్బు పెట్టేశారు. ఆ పెట్టుబడి తిరిగిరావాలంటే ఒక్కో లైను నుంచి వీలైనన్ని ఎక్కువ దుంగలు రావాలి. పెద్ద చెట్లు కొట్టి చిన్నవి వదిలేయడం పోయి, పనికొచ్చేదంతా కొట్టేసి ముందుకెళ్లడం పద్ధతిగా మారింది. లోడరుకు దుంగలు అందించేందుకు ఆవిరి ఇంజన్లే వాటిని వందల అడుగుల దూరం నుంచి నేలమీద ఈడ్చుకొచ్చేవి. ఆ ఈడ్పులో ఎదుగుతున్న మొక్కలన్నీ నలిగిపోయేవి.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో లాంగ్‌లీఫ్ పైన్ అనే చెట్టు ఒకప్పుడు సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉండేది. 1880 నుంచి 1930 వరకూ నడిచిన ఆ కలప జోరు తర్వాత ఎక్కడో ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఈ చెట్టు మొలిచాక కొన్నేళ్లపాటు గడ్డి దుబ్బులా నేలకు అంటుకునే ఉంటుంది. ఆ కాలమంతా వేరును లోతుకు దింపుకుంటుంది. తర్వాతే కాండం లేస్తుంది. ఈడ్చిన నేలలో ఆ ఓపికకు చోటు దొరకలేదు. ఆ పైన పశువులు, పందుల మేత, ఈ చెట్టుకు అవసరమైన నేలమంటల్ని అదేపనిగా ఆర్పేయడం కూడా తోడయ్యాయి.

లూసియానాలో లాంగ్ లీఫ్ అనే ఊళ్లో 1892లో మొదలైన సామిల్లు 1969లో మూతపడింది. ఇప్పుడది మ్యూజియం. మెక్‌గిఫర్ట్ లోడరును అక్కడ ఇవాళ్టికీ చూడొచ్చు.

తర్వాతి తరం

లారీలు, గొలుసుపట్టాల ట్రాక్టర్లు అడవిలోకి దూసుకొచ్చాక తాత్కాలిక రైలు లైన్లు పోయాయి. వాటితోపాటే ఆవిరి లోడర్లూ పోయాయి. ఇప్పుడు హైడ్రాలిక్ చేతులున్న లోడరును ఒక్క మనిషి నడుపుతాడు. పటకారును చేత్తో తగిలించే పని లేదు, దుంగల మీద నిలబడే మనిషీ లేడు. ఈ మార్పు కాపాడిన ప్రాణాలే దాని అతిపెద్ద లాభమని నేను నమ్ముతాను.

కోసిన పలకల సంగతీ మారింది. ఒకప్పుడు మూత వ్యాగన్లలోకి హమాలీలు ఒక్కో పలకా అందించుకుంటూ పేర్చేవారు. ఇప్పుడు కట్టలు కట్టిన పలకల్ని ఫోర్క్‌లిఫ్టులు ఎత్తి, మధ్యలో నిలువు దూలపు గోడ ఉన్న పొడవాటి వ్యాగన్లకు రెండు పక్కలా పెడతాయి. వాటి మీద ఒక హెచ్చరిక రాసి ఉంటుంది: రెండు వైపులా సమానంగా ఎక్కించాలి, సమానంగా దించాలి. ఒకవైపే నింపితే వ్యాగన్ పక్కకు ఒరిగిపోతుంది.

లాంగ్‌లీఫ్ అడవిని తిరిగి పెంచే పెద్ద ప్రయత్నం 2009లో మొదలైంది. అప్పటికి మిగిలింది సుమారు 34 లక్షల ఎకరాలు. ఇప్పుడది 50 లక్షలు దాటింది. మెక్‌గిఫర్ట్, బార్న్‌హార్ట్ తమకు ఎదురైన చిక్కును అద్భుతంగా విప్పారు. ఖాళీ వ్యాగన్‌కు దారివ్వమని యంత్రానికి నేర్పారు. ఎదిగే మొక్కకు దారివ్వాలన్న షరతు మాత్రం ఆ రోజుల్లో ఎవరూ వాళ్ల ముందు పెట్టలేదు. అది ఇంజనీరు ఒక్కడే పెట్టుకోగలిగే షరతు కాదు. అడవి సొంతదారు, ప్రభుత్వం, కలప కొనే మనం కలిసి పెట్టాల్సింది. ఇవాళ అడవిలోకి ఏ కొత్త యంత్రాన్ని పంపినా రోజుకు ఎన్ని దుంగలు ఎత్తుతుందో అడుగుతాం. ఆ దుంగ ఎన్నేళ్లకు మళ్లీ చెట్టవుతుందో కూడా అదే కాగితం మీద రాసుకోవాలి. ఈ రెండు అంకెలూ పొసగనప్పుడు ఆపాల్సింది యంత్రాన్నే.