స్లైడర్లు ఎత్తితే టోన్ వచ్చేస్తుందా?

ఈక్వలైజర్ పెడల్ చేతికి రాగానే చాలామంది గిటారిస్టులు రెండు చివరల స్లైడర్లను పైకి తోసి, మధ్యవాటిని కిందికి లాగేస్తారు. గదిలో ఒంటరిగా వాయిస్తే ఆ శబ్దం ఎంతో గంభీరంగా ఉంటుంది. డ్రమ్స్, బేస్ గిటార్, గాయకుడు తోడవగానే గిటార్ వినిపించడం మానేస్తుంది. మిడ్స్ (మధ్య పౌనఃపున్యాలు) తీసేస్తేనే బరువైన టోన్ వస్తుందన్న నమ్మకం ఈ పెడల్ చుట్టూ ఉన్న అపోహలన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది.

లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగను ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితే దాదాపు 82 హెర్ట్జ్. సన్న తీగ 24వ ఫ్రెట్ దగ్గర సుమారు 1,318 హెర్ట్జ్. గిటార్ స్వరాల మూల పౌనఃపున్యాలన్నీ ఈ రెంటి మధ్యే ఉంటాయి. గిటార్ ఆంప్‌లోని మామూలు 12 అంగుళాల స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక బాగా నీరసిస్తుంది. అంటే మిడ్స్‌ను కోసుకోవడమంటే గిటార్ తన సొంత చోటును ఖాళీ చేసి, కింద బేస్‌తో, కిక్ డ్రమ్‌తో, పైన సింబల్స్‌తో పోటీకి దిగడమే.

‘మెటాలికా వాళ్లు అలాగే వాయించారుగా’ అంటారు. నిజమే, ఆ మెటల్ బృందం 1988లో తెచ్చిన ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బమ్‌లో గిటార్ టోన్ అలాంటిదే. అయితే అందులో జేసన్ న్యూస్టెడ్ బేస్ గిటార్ దాదాపు వినిపించదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బేస్ తగ్గించమని డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ పట్టుబట్టారని మిక్సింగ్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత చెప్పారు. బేస్‌ను పక్కకు నెట్టిన మిక్స్‌లో నిలబడ్డ టోన్, బేస్ గిటారిస్టు పక్కనే నిలబడి వాయించే వేదిక మీద నిలబడుతుందని ఆశించలేం.

బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ దారి వేరు. ఆయనకిష్టమైన ఫెండర్ ఆంప్‌ల టోన్ సర్క్యూట్‌లోనే మిడ్స్ పల్లంగా ఉంటాయి. ఆయన ఆంప్‌కు ముందు పెట్టుకున్న ట్యూబ్ స్క్రీమర్ పెడల్ 720 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉబ్బెత్తుగా ఉంటుంది. పల్లం పూడింది, సోలో ముందుకొచ్చింది. ఆంప్ నాబ్‌లన్నీ 5 దగ్గర పెడితే టోన్ సమంగా, మార్పు లేకుండా వస్తుందన్న అపోహ కూడా ఇక్కడే తేలిపోతుంది. అలాంటి ఆంప్‌లలో 5 అన్నది నాబ్ తిరుగుడులో సగం మాత్రమే, మిడ్స్ పల్లం అలాగే ఉంటుంది.

బేస్ గిటారిస్టుల అపోహ మరొకటి: వినపడకపోతే లో ఎండ్ (అడుగు పౌనఃపున్యాలు) పెంచాలి. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్. 1969 నుంచి రాక్ వేదికలను ఏలిన ఆంపెగ్ ఎస్‌వీటీ తరహా ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్ కూడా ఆ లోతులో శక్తి తగ్గిపోయేదే. అయినా మనకు స్వరం తెలుస్తుంది, ఎందుకంటే 82, 123, 164 హెర్ట్జ్ దగ్గరున్న హార్మోనిక్స్ నుంచి మెదడు మూల స్వరాన్ని ఊహించుకుంటుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడకను చిన్న ఫోన్ స్పీకర్‌లోనూ వెంబడించగలుగుతున్నామంటే ఆ పుణ్యం హార్మోనిక్స్‌దే. బేస్ గిటారిస్టు జాకో పాస్టోరియస్ బ్రిడ్జ్ పికప్ మీద మొగ్గి వాయించిన ఆ ముక్కుతో పలికే స్వరం ఎంత రద్దీలోనైనా విడిగా వినిపించడానికి ప్రాణం మిడ్సే. అందుకే బేస్ వినపడనప్పుడు ముందుగా 400 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కాస్త పెంచి చూడాలి.

పెడల్‌ను వరసలో ఎక్కడ పెట్టినా ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. డిస్టార్షన్‌కు ముందు పెడితే ఏ పౌనఃపున్యాలు ఎక్కువ చిట్లాలో అది నిర్ణయిస్తుంది. అక్కడ 100, 200 హెర్ట్జ్ తగ్గిస్తే పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగలను అదిమి వాయించడం) బిగువుగా వస్తుంది. తర్వాత పెడితే చిట్లిన శబ్దం రంగును, బిగ్గరతనాన్ని మారుస్తుంది. సోలోకు శబ్దం పెరగాలంటే తర్వాతే ఉండాలి. ముందు పెడితే పెరిగేది ముఖ్యంగా డిస్టార్షన్.

ఎంత కదపాలన్నది ఇంకో సంగతి. బాస్ కంపెనీ జీఈ-7 పెడల్‌లో 100 నుంచి 6,400 హెర్ట్జ్ దాకా ఏడు స్లైడర్లుంటాయి, ఒక్కోటీ 15 డెసిబెళ్లు పెంచగలదు, తగ్గించగలదు. 15 డెసిబెళ్లంటే సిగ్నల్ వోల్టేజీ అయిదున్నర రెట్లకు పైమాటే. మూడు డెసిబెళ్ల తేడానే చెవి పట్టేస్తుంది. పైగా పెంచిన ప్రతిదీ మొత్తం శబ్దాన్నీ పెంచుతుంది, బిగ్గరగా ఉన్నది మనకు మెరుగ్గా తోస్తుంది. పెడల్ వేసినా ఆపినా శబ్దం ఒకే స్థాయిలో ఉండేలా లెవెల్ స్లైడర్‌ను సరిచేశాకే టోన్ బాగుపడిందో లేదో తేల్చాలి.

ఇంట్లో కుదిరిన సెట్టింగ్‌కు టేపు అంటించి వేదికకు తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. తక్కువ శబ్దంలో మన చెవి లో ఎండ్‌ను సరిగా వినదని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. ఇంట్లో ఆ లోటు తీర్చడానికి ఎత్తిన 100 హెర్ట్జ్ స్లైడర్ హాల్లో గుయ్యిమంటుంది. సౌండ్ చెక్‌లో మొత్తం బృందం వాయిస్తుండగా ముందుగా కిందికి దించాల్సిన స్లైడర్ అదే.