పాత కెర్నల్ వదిలి వెళ్లిన మిస్‌ఫైర్లు

జైపూర్ అనగానే ఇవాళ మంచిర్యాల జిల్లాలో గుర్తొచ్చేది సింగరేణి కట్టిన 1200 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రం. అది 2016లో వచ్చింది. అంతకు చాలా ముందు నుంచే ఆ చుట్టుపక్కల ఊళ్లకు, పక్కనున్న శ్రీరాంపూర్ ఏరియాకు బాయిపని తెలుసు. భూగర్భ గనిలో పనిచేసినవాళ్లను మిస్‌ఫైర్ అంటే ఏమిటని అడిగితే వెంటనే చెబుతారు. బొగ్గులో రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చినప్పుడు ఒకదాంట్లో మందు పేలకుండా ఉండిపోతుంది. షిఫ్టు దిగే షాట్‌ఫైరర్ ఆ సంగతి తన స్థానంలోకి వచ్చే మనిషికి చెప్పాలి, పుస్తకంలో రాయాలి. గని నిబంధనల్లోనే ఆ మాట ఉంది. చెప్పకుండా ఇంటికి పోతే, ఆ రంధ్రం సంగతి తెలియని మనిషి దాని పక్కనే డ్రిల్లు ఆనిస్తాడు.

కంప్యూటర్లలోనూ ఇలాంటి షిఫ్టు మార్పు ఒకటి జరుగుతుంది. ప్రాసెసర్, మెమరీ, డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు అన్నిటి మీదా పెత్తనం చేసే మూల ప్రోగ్రాముకు కెర్నల్ అని పేరు. ఒక్కో పరికరంతో మాట్లాడే కెర్నల్ భాగాన్ని డ్రైవర్ అంటారు. లైనక్స్‌లో నడుస్తున్న కెర్నల్, మెషీన్‌ను ఆపి మళ్లీ వెలిగించే పని లేకుండా, కొత్త కెర్నల్‌ను తన చోట కూర్చోబెట్టి తాను తప్పుకోగలదు. ఈ పద్ధతి పేరు కెగ్జెక్. ఎరిక్ బీడర్‌మన్ అనే ఇంజనీరు దీన్ని మొదలుపెట్టారు. 2005 ఆగస్టులో వచ్చిన లైనక్స్ 2.6.13తో అది అధికారిక కెర్నల్లో చేరింది.

ఇంట్లో ల్యాప్‌టాప్ అర నిమిషంలో మళ్లీ లేస్తుంది కాబట్టి దీని అవసరం చాలామందికి తట్టదు. పెద్ద సర్వర్ల సంగతి వేరు. వందల గిగాబైట్ల మెమరీని సిద్ధం చేసి, డిస్కు కంట్రోలర్లను, నెట్‌వర్క్ కార్డులను ఒక్కొక్కటిగా పలకరించి, ఆ తర్వాతే ఫర్మ్‌వేర్, అంటే మెషీన్ వెలగగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాము, కెర్నల్‌కు దారి ఇస్తుంది. నిమిషాలకు నిమిషాలు అక్కడే పోతాయి. భద్రతా లోపం ఒకటి బయటపడి కెర్నల్ మార్చాల్సి వస్తే, ఒక డేటా సెంటర్లో అలాంటి మెషీన్లు వేలల్లో ఉంటాయి. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ రీజియన్‌ను హైదరాబాదులో తెరిచింది. అలాంటి చోట్ల ఒక్కో మెషీన్ మీద ఎందరో కస్టమర్ల వర్చువల్ మెషీన్లు నడుస్తాయి, కాబట్టి రీబూట్‌లో తగ్గే ప్రతి నిమిషానికీ విలువ ఉంటుంది. ఐబీఎం పవర్ సర్వర్లలో పెటిట్‌బూట్ అనే బూట్‌లోడర్‌తో లేచేవాటిది ఇంకో కథ. ఆ బూట్‌లోడరే ఒక చిన్న లైనక్స్. అది అసలు కెర్నల్‌ను కెగ్జెక్ ద్వారానే లేపుతుంది. అంటే అక్కడ మామూలుగా బూట్ అయ్యే ప్రతిసారీ కెగ్జెక్ జరిగినట్టే.

చిక్కు మొదలయ్యేది కూడా ఈ ఆదా దగ్గరే. మామూలు రీబూట్‌లో నిమిషాలు తినే ఆ ఫర్మ్‌వేర్ ఒక మేలు చేస్తుంది. పరికరాలన్నిటినీ రీసెట్ చేసి, ముందు ఎవరు ఏ పని అప్పగించారో మరిచిపోయేలా చేస్తుంది. డ్రైవర్ రాసిన ఇంజనీరు ముగింపు పని సరిగ్గా చేయకపోయినా ఆ రీసెట్ దాన్ని కప్పిపుచ్చుతుంది. కెగ్జెక్‌లో ఆ రీసెట్ ఉండదు. కార్డు తన పాత యజమాని ఇచ్చిన ఆజ్ఞలతోనే కొత్త కెర్నల్ చేతికి వస్తుంది.

నెట్‌వర్క్ కార్డునే చూద్దాం. వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసర్ స్వయంగా మోసుకోవడం దండగ. అందుకని డ్రైవర్ మెమరీలో కొన్ని చోట్లు చూపించి, వచ్చినవి అక్కడ పెట్టెయ్యమని కార్డుకు చెబుతుంది. అప్పటి నుంచి కార్డు ప్రాసెసర్‌ను అడగకుండా నేరుగా మెమరీలో రాస్తుంది. దీన్నే డీఎంఏ అంటారు. ఇప్పుడు పాత కెర్నల్ వెళ్లిపోయింది. కార్డుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కొత్త కెర్నల్ అదే మెమరీలో తన పట్టికలు పరుచుకుంది. ఇంతలో ఆ నెట్‌వర్క్‌లో ఏ కంప్యూటరో అందరికీ వినిపించేలా ఒక చిన్న ప్యాకెట్ పంపింది. కార్డు దాన్ని బుద్ధిగా పాత చోటులోనే రాసింది. అక్కడ ఇప్పుడు ఫైల్ సిస్టమ్‌కు సంబంధించిన సమాచారం ఉండవచ్చు, మెమరీ లెక్కలు ఉండవచ్చు. ఏది చెడిందో, ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం. కొత్త కెర్నల్లో ఆ కార్డు డ్రైవర్ లేచి దాన్ని అదుపులోకి తీసుకునే లోపు ప్యాకెట్ వస్తేనే నష్టం. ఎన్నోసార్లు అంతా సవ్యంగా జరిగి, ఒకసారి మాత్రం మెషీన్ కూలిపోతుంది. అప్పుడు కూడా నింద పడేది ఏ పాపమూ ఎరగని ఇంకో ప్రోగ్రాము మీద.

ఇదే జబ్బు కెగ్జెక్ లేకుండానే ఆపిల్ మ్యాక్‌లలో కనిపించింది. వాటిలో లైనక్స్ నడిపేవారికి మెమరీ కారణం తెలియకుండా చెడిపోయేది. మాథ్యూ గారెట్ అనే కెర్నల్ ఇంజనీరు తవ్వి చూస్తే, చెడిన చోట కనిపించినవి వైఫై ప్యాకెట్లు. బూట్ సమయంలో ఆపిల్ ఫర్మ్‌వేరే బ్రాడ్‌కామ్ వైఫై కార్డును లేపి, ఆపకుండా లైనక్స్‌కు అప్పగించేది. దానికి మందు 2016లో లైనక్స్‌లోనే చేరింది. ఆ మ్యాక్‌లలో కెర్నల్ కళ్లు తెరిచీ తెరవగానే, మిగతా డ్రైవర్ల కంటే ముందే, ఆ కార్డును రీసెట్ చేస్తుంది.

ఇంటరప్టులది మరో రకం గొడవ. పరికరానికి ప్రాసెసర్‌తో పని పడితే అది పంపే పిలుపే ఇంటరప్టు. ఆపకుండా వదిలేసిన పరికరం పిలుస్తూనే ఉంటుంది. కొత్త కెర్నల్లో ఆ పిలుపు అందుకునే డ్రైవర్ ఇంకా లేవలేదు. ఒక లైనులో వచ్చిన లక్ష పిలుపుల్లో 99,900కు మించి ఎవరూ అందుకోకపోతే, లైనక్స్ విసిగిపోయి ఆ లైనునే మూసేస్తుంది. అదే లైను పంచుకుంటున్న డిస్కు కంట్రోలరో, యూఎస్‌బీయో తన తప్పు లేకుండానే మూగబోతుంది.

మరి పాత కెర్నల్ వెళ్లేముందు ఏమీ చేయదా అంటే, చేస్తుంది. పరికరాల జాబితాను చివరి నుంచి మొదటికి నడుస్తూ, పిల్ల పరికరాల తర్వాతే వాటి తల్లి పరికరాన్ని తీసుకుంటూ, ఒక్కో డ్రైవర్లో షట్‌డౌన్ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ రాయని డ్రైవర్లున్నాయి. రాసినా సగమే రాసినవి ఉన్నాయి. మాడ్యూల్‌ను, అంటే విడిగా ఎక్కించి దించగల డ్రైవర్ ముక్కను, కెర్నల్ నుంచి తీసేసేటప్పుడు నడిచే రిమూవ్ అనే ఫంక్షన్ ఇంకొకటుంది. డ్రైవర్ రాసేవాళ్లు రోజూ మాడ్యూల్‌ను ఎక్కిస్తూ దించుతూ ఉంటారు కాబట్టి రిమూవ్ బాగా పరీక్షకు గురవుతుంది. షట్‌డౌన్‌ను ప్రత్యేకంగా పరీక్షించేవాళ్లు తక్కువ. లేచే దారిని వంద రకాలుగా పరీక్షించి, ఆగే దారిని ఒక్కసారీ చూడకుండా డ్రైవర్ పూర్తయిందని ప్రకటించడం ఒప్పుకోదగ్గ పని కాదు. దాని ఫలితం అనుభవించేది ఆ ఇంజనీరు కాదు, అర్ధరాత్రి సర్వర్ ముందు కూర్చున్న మరొకరు.

అలాగని రిమూవ్‌నే తెచ్చి షట్‌డౌన్‌లో అతికిస్తే సరిపోదు. రిమూవ్ మెమరీ విడిపించాలి, పేర్లు చెరపాలి, పైవాళ్లందరికీ వీడ్కోలు చెప్పాలి. అందులో ఎక్కడ ఇరుక్కున్నా రీబూట్ ఆగిపోతుంది. షట్‌డౌన్ చేయాల్సింది కొంచెమే: కొత్త పని తీసుకోవడం మానిపించి, డీఎంఏ ఆపి, ఇంటరప్టు మూయాలి. అదీ త్వరగా.

ప్రతి డ్రైవర్‌నూ దిద్దే బదులు అందరికీ ఒకే చోట తాళం వేస్తే? ఆ ప్రయత్నమూ జరిగింది. పీసీఐ అనే మార్గం ద్వారా ప్రాసెసర్‌కు కలిసే పరికరాలకు బస్ మాస్టర్ అనే ఒక బిట్ ఉంటుంది. దాన్ని ఆర్పితే పరికరం మెమరీలో రాయలేదు. 2012లో లైనక్స్, షట్‌డౌన్ సమయంలో ప్రతి పీసీఐ పరికరానికీ ఆ బిట్‌ను ఆర్పడం మొదలుపెట్టింది. దాంతో కొన్ని మెషీన్లు మామూలుగా ఆఫ్ చేసినా ఆగకుండా బిగుసుకుపోయాయి. 2013 చివర్లో దాన్ని సవరించి, కెగ్జెక్ జరుగుతున్నప్పుడు మాత్రమే ఆర్పేలా మార్చారు. ఆ ఏర్పాటు నేటికీ ఉంది. అయితే పని మధ్యలో ఉన్న పరికరం నోరు ఇలా నొక్కేస్తే, తర్వాత కొత్త డ్రైవర్ లేపబోయినప్పుడు అది సరిగ్గా స్పందించకపోవచ్చు. కాబట్టి డ్రైవర్ బాధ్యత తప్పదు.

2025లో దిద్దిన ఒక బగ్ దీన్ని బాగా చూపిస్తుంది. వర్చువల్ మెషీన్లలో నిజమైన కార్డుల బదులు వర్టయో అనే కల్పిత పరికరాలు ఉంటాయి. అలాంటి ఒక మెషీన్లో కెగ్జెక్ చేస్తే బిగుసుకుపోయింది. అదే సమయంలో దాన్ని నడిపే క్యూఈఎంయూ, తప్పుడు చిరునామాల్లో మెమరీ చదివే ప్రయత్నం జరుగుతోందని ఫిర్యాదు చేసింది. వెతికితే దోషి వర్టయో కన్సోల్. కింది పీసీఐ పరికరం రీసెట్ అయిపోయాక కూడా పైనున్న కన్సోల్ డ్రైవర్ దానికి రాస్తూనే ఉంది. కన్సోల్ వాడకపోతే కెగ్జెక్ చక్కగా జరిగేది. దిద్దుబాటు మొత్తం వర్టయో కుటుంబానికే వర్తించింది. ముందు పరికరాన్ని చెడిపోయినదిగా గుర్తు పెట్టి కొత్త పని చేరకుండా చేస్తారు, నడుస్తున్న కాల్‌బ్యాక్‌లు, అంటే పరికరం పిలుపుకు స్పందించే ఫంక్షన్లు, ముగిసేదాకా ఆగుతారు, ఆ తర్వాతే రీసెట్. ఈ మూడింటి వరుస తారుమారైతే బగ్ మళ్లీ తలెత్తుతుంది.

పాత కెర్నల్ కుప్పకూలినప్పుడు మాత్రం సర్దుకుని వెళ్లే వ్యవధే ఉండదు. ఆ సందర్భం కోసం పుట్టిందే కెడంప్. కూలిన కెర్నల్ మెమరీని భద్రపరిచేందుకు రెండో కెర్నల్‌ను లేపుతుంది. 2005లో ఒటావా లైనక్స్ సమావేశంలో దీని గురించి వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ బీడర్‌మన్‌తో కలిసి పత్రం రాశారు. ఇందులోని ఉపాయం సూటిగా ఉంటుంది. మొదటి కెర్నల్ ఎన్నడూ ముట్టని మెమరీ ముక్కను ముందే పక్కన పెడతారు. రెండో కెర్నల్ అందులోనే బతుకుతుంది. ఆగని కార్డులు ఎక్కడ రాసినా అక్కడికి రావు. రెండో కెర్నల్లో డ్రైవర్లు పరికరాన్ని నమ్మకుండా ముందు రీసెట్ చేసుకోవాలని చెప్పే పారామీటరు కూడా ఉంది. ఎన్‌వీఎంఈ డిస్కుల డ్రైవర్ అయితే ఎవరూ చెప్పకుండానే, లేవగానే కంట్రోలర్‌ను ఆపి, ఆగిందని నిర్ధారించుకుని, తర్వాతే తన పని మొదలుపెడుతుంది. డ్రైవర్లన్నీ ఇలా రాయాలి.

ఇప్పుడు కెర్నల్ ఇంజనీర్లు ఇంకో మెట్టు ఎక్కారు. 2025లో కెగ్జెక్ హ్యాండోవర్ అనే ఏర్పాటు లైనక్స్‌లో చేరింది. కొన్ని మెమరీ భాగాలను చెక్కుచెదరకుండా, వాటి వివరాలతో సహా కొత్త కెర్నల్‌కు అప్పగించడం దీని పని. క్లౌడ్ సంస్థల ఇంజనీర్లు దీని వెనుక ఉన్నారు. కస్టమర్ల వర్చువల్ మెషీన్లను చంపకుండా కింది కెర్నల్ మార్చాలన్నది వాళ్ల లక్ష్యం. అప్పుడు డ్రైవర్ ఏది ఆపాలో తెలుసుకుంటే చాలదు, ఏది ఆపకూడదో కూడా తెలుసుకోవాలి.

ఈ బగ్‌లు పట్టడానికి ఖరీదైన సర్వర్ అక్కర్లేదు. గోదావరిఖని దగ్గర సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ మంథని ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ చదివే విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ మీద ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకుంటే చాలు. తెర ఆరిపోయినా సందేశాలు మిగిలేలా సీరియల్ కన్సోల్‌ను ఒక ఫైలుకు మళ్లించాలి. కెర్నల్ పారామీటర్లలో ఇనిట్‌కాల్ డీబగ్ పెడితే, షట్‌డౌన్ అవుతున్న ప్రతి పరికరం పేరూ ఆ ఫైల్లో వరుసగా పడుతుంది. ఆగిపోయిన చోట కనిపించే చివరి పేరే మొదటి అనుమానితుడు. బయటి నుంచి పింగ్‌ల వాన కురిపిస్తూ కెగ్జెక్‌ను స్క్రిప్టుతో పదేపదే నడిపిస్తే, అరుదుగా వచ్చే బగ్ తొందరగా దొరుకుతుంది. అనుమానం ఉన్న మాడ్యూల్‌ను ముందే దించి చూసినప్పుడు జబ్బు మాయమైతే, లోపం ఆ డ్రైవర్ షట్‌డౌన్‌లోనే అని దాదాపు తేలినట్టు. ఆ తర్వాత కెర్నల్ సోర్సులోనే ఉన్న గెట్ మెయింటెయినర్ అనే స్క్రిప్టుకు ఆ డ్రైవర్ సోర్సు ఫైలు పేరు ఇస్తే, ప్యాచ్ ఎవరికి పంపాలో అదే చెబుతుంది.