కంపనం – కారణాన్వేషణ

ఉద్దేశం: నిత్యజీవితంలో ఎదురయ్యే చిక్కులకు ఊహాగానంతో కాక, పరిశీలనతోను తర్కంతోను పరిష్కారం వెదకే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

జ్వరంతో వచ్చిన మనిషిని చూడగానే అనుభవజ్ఞుడైన వైద్యుడు మందు రాయడు. ఎప్పటి నుండి వచ్చింది, ఏ వేళ హెచ్చుతుంది, ఏ వేళ తగ్గుతుంది అని ప్రశ్నిస్తాడు. జ్వరం లోపలి వ్యాధికి గుర్తు మాత్రమేనని ఆయనకు తెలుసు. మోటారు సైకిలులో కొత్తగా పుట్టిన కంపనాన్ని కూడా మనం ఈ దృష్టితోనే చూడాలి. యంత్రంలో ఎక్కడో ఒకచోట ఏదో వదులైందని, అరిగిందని, లేదా వంగిందని అది తెలుపుతుంది. ఆ గుర్తును కప్పిపుచ్చడం సులభం. దాని మూలాన్ని కనుగొనడానికి మాత్రం ఓర్పు, వివేకం కావాలి.

కొన్నేళ్ల క్రితం నేను ఇరవై కిలోమీటర్ల దూరంలోని కళాశాలకు నూరు సీసీ మోటారు సైకిలుపై వెళ్లివస్తుండేవాడిని. దారిలోని పాఠశాలలో చదివే మా అమ్మాయి ప్రతి ఉదయం వెనుక సీటుపై కూర్చునేది. ఒక వారం నుండి, వేగం గంటకు యాభై కిలోమీటర్లు దాటగానే సీటు కింద, ఫుట్‌రెస్టులలో అదురు మొదలవుతోంది. వేగం తగ్గిస్తే పోతోంది. బండిని ఒక మెకానిక్కుకు చూపాను. అతడు ఇంజను ఆయిలు మార్చాడు. ఫలితం లేదు. హ్యాండిలుకు మెత్తని రబ్బరు పిడులు తొడిగాడు. చేతులకు కొంత హాయి కలిగిందే గాని అదురు తగ్గలేదు. చివరకు ఇంజను విప్పాలన్నాడు. నేనూ అందుకు సిద్ధపడ్డాను.

ఈ సంగతి మా వీధి చివర చిన్న షెడ్డు నడుపుకొనే వృద్ధుడైన మెకానిక్కు విన్నాడు. “మేష్టారూ, విప్పడానికేముందండీ, ఎప్పుడైనా విప్పొచ్చు. ముందు ఆ అదురు దేన్ని పట్టుకొని వస్తోందో చూడాలి కదండీ” అన్నాడు.

బడి చదువు అంతంత మాత్రమైన ఆ మనిషి మాటలో ఒక ప్రాచీన శాస్త్రపు సారముంది. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో అనుమాన ప్రమాణాన్ని పొగ, నిప్పుల దృష్టాంతంతో వివరించాడు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటయింటిలో వలె, ఇది అన్వయం. నిప్పు లేనిచోట పొగ ఉండదు, మడుగులో వలె, ఇది వ్యతిరేకం. ఈ రెండూ కుదిరినప్పుడే మన నిర్ణయం నిలుస్తుంది. కంపనం దేనితోపాటు వస్తోంది? దేనిని తొలగిస్తే పోతోంది? కారణాన్వేషణకు ఈ రెండు ప్రశ్నలే ప్రాణం.

సహజ కంపనం – అసహజ కంపనం

అన్వేషణకు ముందు ఒక విషయం గ్రహించాలి. ఇంజనుకు సహజంగానే కొంత కంపనం ఉంటుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. అంటే సెకనుకు 50 చుట్లు. ప్రతి చుట్టులోను పిస్టను పైన ఒకసారి, కింద ఒకసారి ఆగి దిశ మార్చుకుంటుంది. ఈ లెక్కన సెకనుకు 100 సార్లు ఆగి మరలుతుంది. ఆ తాకిడిని తగ్గించడానికి క్రాంకుకు ఎదురుబరువులు అమరుస్తారు. అయితే ఒంటి సిలిండరు ఇంజనులో ఇవి తాకిడిని పూర్తిగా తీర్చలేవు. నిలువు తాకిడి తగ్గినకొద్దీ అడ్డుతాకిడి పెరుగుతుంది.

దీనిని ఎదుర్కొనడానికి ఇంజనీర్లు పలు మార్గాలు వెదకారు. 1967లో వెలువడిన బ్రిటిష్ వాహనం నార్టన్ కమాండోలో ఇంజనును రబ్బరు ఆధారాలపై నిలిపి, దాని అదురు చోదకునికి చేరకుండా చూశారు. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ విడుదల చేసిన మీటియర్ 350 ఇంజనులో ఎదురుదిశలో తిరిగే ప్రత్యేకమైన బ్యాలెన్సర్ షాఫ్టును అమర్చారు.

కంపనం ఒక్కొక్కప్పుడు ఒకే వేగం వద్ద విజృంభించడానికి కారణం అనునాదం. ఉయ్యాలను దాని లయకు సరిపడేటట్లు నెడితే, చిన్న తోపులతోనే అది పెద్దగా ఊగుతుంది. అట్లే బండిలోని అద్దానికి, హ్యాండిలుకు, ఫుట్‌రెస్టుకు తమతమ సహజ లయలున్నాయి. ఇంజను లయ వాటితో కలిసినప్పుడు అవి ఎక్కువగా అదురుతాయి. అందువల్ల మొదటి నుండి ఉన్న కొద్దిపాటి అదురుకు భయపడనక్కరలేదు. నిన్న లేక నేడు వచ్చిన అదురును మాత్రం ఉపేక్షించరాదు.

మూడు పరీక్షలు

కంపనం ఇంజను వేగాన్ని అనుసరిస్తోందా, చక్రాల వేగాన్ని అనుసరిస్తోందా అన్నది మొదట తేల్చవలసిన అంశం. ఈ రెండింటి లయ ఒకటి కాదు. ఇటువంటి బండి చక్రం చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు దాదాపు 9 చుట్లు తిరుగుతుంది. అదే సమయంలో ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, సెకనుకు 83 చుట్లు అవుతాయి. చక్రంలోని దోషం దడదడమని విడివిడిగా తెలుస్తుంది. ఇంజను దోషం జుమ్మని తేనెటీగల రొదలా వినిపిస్తుంది. మా బండి అదురు మొదటి రకానిది. కాని ఆ తేడా ఆనాడు నాకు తెలియదు.

వృద్ధ మెకానిక్కు మూడు పరీక్షలు చేశాడు. మొదట బండిని నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటరు పెంచాడు. ఇంజను వేగం పెరిగినా ఆ అదురు రాలేదు. తరువాత ఖాళీగా ఉన్న తిన్నని దారిపై బండిని నడిపి, అదురు మొదలుకాగానే యాక్సిలరేటరు వదలి క్లచ్ పట్టాడు. ఇంజను నెమ్మదించింది, అదురు మాత్రం ఆగలేదు. మూడవసారి అదే వేగంతో నాలుగవ గేరుకు బదులు మూడవ గేరులో నడిపాడు. ఇంజను వేగం పెరిగినా, అదురు వెనుకటివలెనే యాభై వద్దనే మొదలైంది. ఇంజను నిర్దోషి అని తేలింది.

ఫలితం వేరుగా ఉంటే దారి కూడా వేరుగా ఉండేది. క్లచ్ పట్టగానే అదురు పోయినట్లయితే ఇంజనును ఫ్రేముకు బిగించే బోల్టులను, సైలెన్సరు బిగింపులను ముందుగా చూడాలి. క్లచ్ పట్టినప్పుడు చైనుపై లాగుడు కూడా తగ్గుతుంది కాబట్టి, చైనును, దాని పళ్లచక్రాలను కూడా అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే అదిరితే బ్రేకు డ్రమ్మును లేదా డిస్కును పరిశీలించాలి.

దొరికిన దోషం

అన్వేషణ ఇప్పుడు చక్రాల వైపు తిరిగింది. మెకానిక్కు ఇంజను ఆపి, బండిని సెంటర్ స్టాండుపై నిలిపాడు. రిమ్ముకు దగ్గరగా ఒక పుల్లను కదలకుండా పట్టుకొని వెనుక చక్రాన్ని చేతితో తిప్పాడు. రిమ్ము వంకరపోయి ఉంటే పుల్లకూ రిమ్ముకూ మధ్యనున్న సందు ఒకచోట పెరిగి, మరొకచోట తగ్గుతుంది. సందు సమంగానే ఉంది. స్పోకులను పానాతో ఒక్కొక్కటిగా మీటాడు. బిగువుగా ఉన్న స్పోకు ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. అన్నీ సరిగానే పలికాయి. ఆ పిమ్మట చక్రాన్ని రెండు చేతులతో పట్టుకొని పక్కలకు ఊపాడు. టక్కుమన్న చప్పుడు వినిపించింది.

చైను బిగువును సరిచేసే గుర్తులు రెండు వైపులా సమానంగా లేవు. చక్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇరుసు నట్టును అతడు పానాతో పని లేకుండా వేళ్లతోనే తిప్పాడు. నట్టు ఊడిపోకుండా కాపాడే స్ప్లిట్ పిన్ను అక్కడ లేనే లేదు. అంతకు రెండు వారాల ముందు ఒకచోట వెనుక చక్రానికి పంక్చరు వేయించిన సంగతి అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. పిన్ను పెట్టడం మరచిపోయారు. నట్టు రోజురోజుకూ వదులవుతూ వచ్చింది.

నా నోట మాట రాలేదు. ఆ ఉదయం కూడా మా అమ్మాయి ఆ చక్రం మీదనే బడికి వెళ్లింది.

మెకానిక్కు రెండు వైపుల గుర్తులను సమం చేసి, చైనుకు తగిన వదులు ఉంచి, ఇరుసు నట్టును కొలతపానాతో కంపెనీ చెప్పిన మేరకు బిగించాడు. కొత్త స్ప్లిట్ పిన్ను వేశాడు. చక్రం స్థానం మారింది కనుక బ్రేకును కూడా సరిచూశాడు. అదే దారిలో, అదే వేగంతో మళ్లీ నడిపాడు. అదురు లేదు. కారణం తొలగగానే కార్యం తొలగింది. వ్యతిరేకం కూడా కుదిరింది. ఖర్చయినది ఒక పిన్ను వెల, ఒక పూట శ్రమ మాత్రమే.

గ్రహించవలసినవి

విద్యార్థులు ఇందులో కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. నాలుగు భాగాలు ఒకేసారి మార్చితే, దోషం పోయినా అది దేనివల్ల పోయిందో తెలియదు. అదురు మొదలుకావడానికి ముందు బండికి ఏ పని జరిగిందో జ్ఞాపకం చేసుకోవాలి. ఇంజను నడుస్తుండగా చైను దగ్గరకు వేలు పోనీయరాదు. చైనుకూ పళ్లచక్రానికీ మధ్య పడిన వేలు తెగిపోతుంది. దారిపై చేసే పరీక్షలు శిరస్త్రాణం ధరించి, వాహనాలు లేనిచోట, అనుభవజ్ఞులే చేయాలి.

రబ్బరు పిడులు నా చేతులకు హాయినిచ్చాయి. ఆ హాయికి తృప్తిపడి ఊరుకుని ఉంటే ఏమై ఉండేదో ఊహించడానికి నేటికీ మనసు ఒప్పదు. బాధను మరపించేది ఉపశమనం. బాధకు మూలాన్ని తొలగించేది చికిత్స. ఈ రెండింటి భేదాన్ని తెలుసుకొనడానికే తర్కం. అది గ్రంథాలలో ఎంత ఉందో, వీధి చివరి షెడ్డులోనూ అంతే ఉంది.

ప్రశ్నలు

1. అన్వయ వ్యతిరేకాలను రచయిత మోటారు సైకిలు పరీక్షలకు ఏ విధంగా అన్వయించారు?
2. ఇంజను కంపనానికి, చక్రాల కంపనానికి గల భేదాన్ని వివరించండి.
3. “ఒకసారి ఒక్క మార్పే చేయాలి” అనడంలోని ఔచిత్యాన్ని మీ అనుభవంలోని ఒక ఉదాహరణతో సమర్థించండి.