గొట్టములో పారు వాయువునకు తేమ యెంత?

వానకాలమున మొగుడంపల్లిలో చల్లని నీటితో నింపిన ఇత్తడి చెంబును అరుగుమీద నుంచినచో, కొంతసేపటికే దాని వెలుపల చెమ్మ పట్టును. ఆ నీరు చెంబులోనుండి ఊరినది కాదు. గాలిలో కంటికి కానరాక యున్న ఆవిరియే చల్లని లోహమును తాకి బొట్లుగా మారినది. ఈ సంగతి మన ఇండ్లలో అందరును ఎరిగినదే. ఇదే కార్యము భూమిలో పాతిన ఇనుప గొట్టములలో, సహజవాయువు పారుచున్నప్పుడు, లోలోపల జరుగవచ్చును. అక్కడ తుడిచివేయుటకు ఎవరి చేయియు పోదు.

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా, మామిడికుదురు మండలములోని నగరం గ్రామమున సహజవాయువును తీసికొనిపోవు 18 అంగుళముల గొట్టమునకు చిల్లి పడెను. వెలువడిన వాయువు ఇండ్లనడుమ వ్యాపించి, నిప్పు తగిలి భగ్గుమనెను. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కొబ్బరితోటలు, ఇండ్లు, దుకాణములు మాడిపోయెను. ఆ గొట్టము పొడివాయువునకై ఉద్దేశింపబడినది కాగా, అందులో తేమతో కూడిన వాయువు పోవుచుండెననియు, లోపలినుండి తుప్పు తినివేసినదనియు పిదప వెల్లడియైనది. నిద్రనుండి ఇంకను లేవని గ్రామము కాలిపోవుటకు మూలము గొట్టములోని తడి.

కోనసీమ యెక్కడ, జహీరాబాదు యెక్కడ అని సభ్యు లడుగవచ్చును. కాకినాడ తీరమునుండి బయలుదేరి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మీదుగా గుజరాతులోని భరూచి వరకు సాగు పెద్ద వాయుమార్గము 2009వ సంవత్సరమునుండి ఉన్నది. దాని పొడవు 1,300 కిలోమీటర్లకు మించినది. మొగుడంపల్లికి ఇరుగుపొరుగైన న్యాల్కల్, ఝరాసంగం మండలములలో పెద్ద పారిశ్రామిక ప్రాంతమునకు భూములు సేకరింపబడినవి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము జహీరాబాదు పారిశ్రామిక నగరమునకు ఆమోదము తెలిపినది. కర్మాగారములు వచ్చిన చోటికి నేడో రేపో ఇంధనవాయువు కూడ వచ్చును. అప్పుడు గొట్టము ఎవరి చేనిలోనుండి పోవునో, ఆ గ్రామపు పంచాయతీ దానినిగూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్నలలో తేమ ఒకటియని మా అభిప్రాయము.

సహజవాయువు ఒంటరిగా ఇనుమును తినదు. దానితో తరచుగా బొగ్గుపులుసు వాయువు కలిసియుండును. గోళీసోడా బుడ్డిలో నీటికి ఆ చురుకుదనము నిచ్చు వాయువే అది. నీరు తోడైనచో అది పలుచని ఆమ్లమగును. మనుష్యునికి దాహము తీర్చునది గాని, గొట్టపు అడుగుభాగమున నెలలకొలది నిలిచినచో ఉక్కును కొంచెము కొంచెముగా కొరుకును. నీరు లేనిదే ఈ పని సాగదు. కనుక వాయువును పంపుటకు ముందు ఆరబెట్టవలెను. సాధారణముగా గ్లైకాల్ అను చిక్కని ద్రవమును గోపురమువంటి పాత్రలో పైనుండి జార్చి, క్రిందినుండి వాయువును పంపుదురు. ఆ ద్రవము ఆవిరిని పట్టుకొనును.

ఎంతవరకు ఆరబెట్టవలెను? అమెరికాలో చిరకాలముగా వాడుకలో నున్న హద్దు, పది లక్షల ఘనపుటడుగుల వాయువులో ఏడు పౌనుల నీరు. నూరడుగుల పొడవు, నూరడుగుల వెడల్పు, నూరడుగుల ఎత్తుగల గదిని ఊహింపుడు. అంతటి గదిలో నున్న నీరంతయు కలిపినను మూడు లీటర్లకు కొంచెము పైన. ఒక బిందె నిండదు. అదే గదిని 25 డిగ్రీల వేడిమిగల, తేమతో నిండిన మన వానకాలపు గాలితో నింపినచో అందులో ఆరువందల కిలోలకు మించి నీరుండును. పొడివాయువు, తడిగాలి అను మాటలకు నడుమ ఇంతటి అంతరము కలదు. చేతితో తాకి గాని, వాసన చూచి గాని దీనిని తెలిసికొనుట అసాధ్యము.

పూర్వమునుండి ఒక ఉపాయ మున్నది. వాయువును ఒక అద్దముమీదికి పోనిచ్చి, అద్దమును క్రమముగా చల్లబరచుచు, ఎప్పుడు దానిపై మంచుపొర పట్టునో చూతురు. ఇది మన చెంబు కథయే. నమ్మదగినదే కాని, చూచువానికి ఓర్పును అనుభవమును కావలెను. వాయువుతోపాటు కొట్టుకొనివచ్చు నూనెతుంపరలు అద్దముపై పేరుకొన్నచో మంచు ఏదో, జిడ్డు ఏదో తెలియదు. తేమను పీల్చి విద్యుత్తు గుణము మార్చుకొను చిన్న పలకలును వచ్చినవి. అవి చవుక. కాని గ్లైకాల్ తుంపరలు, నూనెలు తగులగా వాటి లెక్క క్రమముగా తప్పును. ఒకసారి బాగుగా తడిసినచో ఆరుటకు చాలసేపు పట్టును. పైకి చూచుటకు పరికరము పనిచేయుచునే యుండును, అంకెయు చూపుచునే యుండును. ఆ అంకె నిజము కాదు. పరికరము లేకుండుటకంటె ఇది అపాయకరమని మే మెంచుచున్నాము.

లేజరు పద్ధతిలో వాయువును తాకు పలక యుండదు, వెలుగే తాకును. ప్రతి పదార్థపు ఆవిరియు తనకు ప్రత్యేకమైన కొన్ని వన్నెల వెలుగును మాత్రమే పీల్చుకొనును. సంతలో పేరుపెట్టి పిలిచినప్పుడు ఆ పేరుగలవాడే వెనుదిరిగి చూచినట్లు, తగిన వన్నె తగిలినప్పుడే నీటియావిరి పలుకును. ఆ వన్నెలు మన కంటికి కానరాని పరారుణ కిరణములలో నున్నవి. సహజవాయువు పనికి తరచుగా వాడునది సుమారు 1.88 మైక్రోమీటర్ల తరంగము. మైక్రోమీటరనగా మిల్లీమీటరులో వేయవ వంతు. చిక్కేమనగా, సహజవాయువులో ప్రధానమైన మీథేనునకు కూడ ఆ చుట్టుపట్ల వన్నెలు కలవు. ఒకే వీథిలో ఒకే పేరుగలవా రిద్దరున్నట్లే. అందుచే మీథేను అంతగా పలుకని సన్నని సందును ఎన్నుకొని, వాయువు ఒత్తిడిని తగ్గించి కొలుతురు. ఒత్తిడి తగ్గినచో వన్నెలగీతలు సన్నబడి ఒకదానినుండి ఒకటి విడిగా తెలియును.

పెద్ద గొట్టపు నడిమిభాగమునుండి సన్నని నాళముద్వారా కొంత వాయువును బయటికి తీసి, దారిలో ఆవిరి నీరుగా మారకుండ నాళమును వెచ్చగా నుంచి, వడపోసి, ఒక చిన్న అరలోనికి పంపుదురు. అరకు ఒక కొనను లేజరు డయోడు, రెండవ కొనను అద్దము నుండును. వెలుగు అద్దమునుండి మరలివచ్చి గ్రాహకమున పడును. డయోడునకు ఇచ్చు విద్యుత్తును కొంచెముగా హెచ్చించి తగ్గించినచో వన్నెయు కొంచెము జరుగును. ఈ జరుగుట క్షణమునకు అనేక పర్యాయములు సాగును. నీటి వన్నెకు చేరినప్పుడు వెలుగు తగ్గును, దాటినప్పుడు మరల నిండుగా వచ్చును. ఆ రెంటిని పోల్చిచూచుటలోనే కిటుకున్నది. అద్దముపై కొంత మసి పట్టినను అది రెంటిని సమానముగనే తగ్గించును గనుక, లెక్క అంతగా చెడదు. వెలుగు ఎంత తగ్గినదో దానినిబట్టి, ఎంత దూరము వాయువులో ప్రయాణించినదో దానినిబట్టి, ఆవిరి యెంతయో తేలును. ఈ సూత్రము క్రొత్తది కాదు. లాంబర్టు 1760లోను, బీరు 1852లోను దీనిని స్థిరపరచిరి. క్రొత్తది దీపమే. తేమ మారిన కొద్ది క్షణములలో అంకె మారును. కనుక పారుచున్న వాయువునకు ఇది తగినది. ఈ జాతి పరికరమే 2012లో అంగారక గ్రహముపై దిగిన క్యూరియాసిటీ శకటములో నుండి అచ్చటి వాయువులను పరీక్షించినది.

అయితే లేజరు కాపలాదారుడే కాని వైద్యుడు కాదు. అది వాయువును ఆరబెట్టదు. అప్పటికే గొట్టపు అడుగున నిలిచిన నీటిని అది చూడలేదు. తనను దాటిపోవు ఆవిరినే చూచును. ద్రవము అరలోనికి చొచ్చినచో అద్దము మసకబారి అదియు కన్ను మూయును. కావున గొట్టములోపల తుడుపుయంత్రములను పంపుట, గోడ మందమును పరీక్షించుట మానరాదు. నగరం గ్రామము విషయమున లోపము కొలత ఒక్కదానిలోనే యుండెనని చెప్పుట సరికాదు. తడివాయువును ఆరబెట్టకయే ఆ గొట్టమున పంపుట అసలు కారణము. కాని కొలత యెదుట నున్నచో, కాదనుట ఎవరికిని సులభము కాదు.

పంచాయతీ సభ్యులకు కొన్ని సంగతులు. 1962 నాటి గొట్టపుమార్గముల చట్టముక్రింద భూమి రైతుదిగనే యుండును. గొట్టము వేసి వాడుకొను హక్కు మాత్రమే సేకరింపబడును. ఆ పట్టీపై ఇల్లు కట్టరాదు, బావి గాని చెరువు గాని త్రవ్వరాదు, చెట్లు నాటరాదు. జొన్న, కంది, సెనగలకు అభ్యంతరము లేదు, మామిడిమొక్కకు కలదు. గ్రామమున బోరు వేయించుటకు గాని, మురుగుకాలువ త్రవ్వించుటకు గాని తీర్మానము చేయుటకు ముందు గుర్తురాళ్లను చూడవలెను. వాటిపై టెలిఫోను సంఖ్య వ్రాసియుండును. దానిని పంచాయతీ కార్యాలయపు గోడపై కూడ వ్రాయించుట మంచిది. సహజవాయువునకు స్వతహాగా వాసన లేదు. వంటగ్యాసుకు వాసన కలుపుదురు గాని, దూరమార్గపు గొట్టములలో ఎల్లయెడల కలుపరు. బుస్సుమను శబ్దము, నేలనుండి బుడగలు, గొట్టము వెంబడి అకారణముగా ఎండిన పైరు కనిపించినచో అగ్గిపుల్ల గీయరాదు, మోటారు మీట నొక్కరాదు, బండిని స్టార్టు చేయరాదు. జనులను దూరముగా తరలించి, గుర్తురాతిపై నున్న సంఖ్యకును 112కును తెలుపవలెను.

గొట్టము వేయువారు గ్రామసభకు వచ్చినప్పుడు నష్టపరిహారమునుగూర్చియే మాటలన్నియు సాగుట మేము చూచుచున్నాము. అది న్యాయమే. దానితోపాటు అడుగవలసినవి మరి మూడు కలవు: వాయువును ఎక్కడ ఆరబెట్టుచున్నారు, తేమను ఏ కేంద్రమున ఏ పరికరముతో కొలుచుచున్నారు, హద్దు మీరినప్పుడు ప్రవాహమును ఆపువా రెవరు. గొట్టము ప్రభుత్వరంగ సంస్థదైనచో, జవాబు నోటిమాటగా రాకున్నను, 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద పది రూపాయల రుసుముతో వ్రాతపూర్వకముగా కోరవచ్చును. ముప్పది దినములలో సమాధాన మీయవలెనని ఆ చట్టము విధించుచున్నది.