పక్షుల స్వయంవరము



స్వయంవరమనగానే మనకు సీతాదేవియు ద్రౌపదియు జ్ఞప్తికి వత్తురు. విల్లెక్కుపెట్టినవానిని ఒకరు, మత్స్యయంత్రమును కొట్టినవానిని ఒకరు వరించిరి. అచట పరీక్షను నిర్ణయించినవారు తండ్రులు. పక్షులలో పరీక్షించునదియు తీర్పు చెప్పునదియు పెక్కు జాతులయందు ఆడుపక్షియే. తరతరములుగా అది చెప్పిన తీర్పుల ఫలమే నెమలి పింఛమనియు, గిజిగాని నేర్పనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అదెట్లో మన రామగుండము చుట్టుపట్ల కానవచ్చు పక్షులతోనే మనవి చేసెదను.

ఇంగ్లండు దేశస్థుడైన చార్లెస్ డార్విన్ 1859లో ఒక గ్రంథమును ప్రకటించెను. ప్రాణులెన్నియో పుట్టును, బ్రతుకుటకు తగినవి మిగులును, వాని గుణములే సంతానమునకు దిగును, ఇట్లు కాలక్రమమున జాతులు మారును. ఇది అందలి సారాంశము. అయితే నెమలి ఆయనకు చిక్కుప్రశ్న యయ్యెను. అంత బారైన పింఛముతో నక్కకో చిరుతకో చిక్కక తప్పించుకొనుట కష్టము గదా! అట్టి భారము బ్రతుకునకు మేలెట్లగును? దీనికి ఆయన 1871లో వెలువరించిన మరియొక గ్రంథమున సమాధానము చెప్పెను. మగపక్షి బ్రతికియున్నంతనే చాలదు. జత కుదిరిననే దానికి సంతానము. జతకొరకు మగవి తమలో తాము పోరాడును. లేదా ఆడుదాని మెప్పునకై పోటీపడును. గెలిచినదాని గుణము పిల్లలకు దిగును. దీనికే లైంగిక వరణమని పేరు.

ఈ పద్ధతి రైతునకు క్రొత్త గాదు. జొన్నచేనిలో గింజ నిండిన కంకులను ఏరి మీరు విత్తనమునకు దాచుదురు. గింజను మీరు చేయలేదు, ఎంచితిరి, అంతే. పెక్కేండ్లు అట్లెంచగా పంట తీరే మారును. ఆడుపక్షి చేయునదియు ఆ యెంపికయే. తాను విత్తనమును మార్చుచున్నానని మాత్రము దానికి తెలియదు.

ఇంత చిన్న యెంపికతో పింఛమంతటిది పుట్టునా యని మీకు సందేహము కలుగవచ్చును. కాలమెంత కలదో చూడుడు. డార్విన్ గ్రంథము వెలువడిన ఆ 1871లోనే డాక్టరు కింగ్ ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. మన కాళ్ల క్రింది బొగ్గు పాతికకోట్ల యేండ్లకు పూర్వపు అడవి. ఆ అడవిలో ఒక్క పక్షియు కూయలేదు. అప్పటికి పక్షులే లేవు. పక్షి లక్షణములు గల అతి ప్రాచీన శిలాజములు సుమారు పదునైదు కోట్ల యేండ్లనాటివి. ఆనాటి నుండి జరిగిన ఎంపికలకు లెక్క లేదు.

ఇక గిజిగాని మాట. మిగిలిన కాలమున ఊరపిచ్చుకవలె నుండు మగదానికి వానలు పడు దినములలో నెత్తి పసుపు పూసినట్లగును. వరియాకును, గడ్డిని, తాటాకు చీలికలను తెచ్చి అది గూడు మొదలిడును. ఎనిమిది దినములకు గూడు సగమై, బోర్లించిన బుట్టవలె నుండును. మగది అచట ఆగి, గూటికి వ్రేలాడుచు రెక్కలాడించి పాడును. ఆడుది వచ్చి లోనికి దూరి పరిశీలించును. నచ్చకున్న వెడలిపోవును, ఆ గూడు సగముననే నిలిచిపోవచ్చును. నచ్చిన మగది గ్రుడ్ల అరను మూసి, క్రిందికి దిగు గొట్టమును అల్లి పూర్తిచేయును. మొత్తము సుమారు పదునెనిమిది దినములు, ఐదువందల రాకపోకల వరకు పట్టును. ఆడుది రెండు మొదలు నాలుగు గ్రుడ్లు పెట్టి పొదుగును. మగది మరియొక గూటికి పునాది వేయును!

ఈ సంసారపు గుట్టును 1930లో బొంబాయి దాపున కిహీము గ్రామమున కూర్చుండి కనిపెట్టినవారు సలీం అలీగారు. పిమ్మట 1931-32లో హైదరాబాదు రాజ్యపు పక్షులను పరిశీలించినవారును వారే. నాడు మన ప్రాంతము ఆ రాజ్యములోనిదే. తరువాతి పరిశోధనలలో మరియొక సంగతి తేలినది: ఆడుది నేత సొగసుకన్న గూడు వ్రేలాడు తావునకు ఎక్కువ విలువ నిచ్చును. అనగా దాని చూపు పిల్లల క్షేమముపైననే యున్నది.

అడవికోడిలోను ఇట్టిదే కలదు. కోడి జబ్బుపడిన జుట్టు పాలిపోవునని మీ రెరుగుదురు. 1990లో ప్రకటితమైన యొక పరిశోధనమున, కడుపులో నులిపురుగులు సోకిన పుంజులకు జుట్టు చిన్నదై, వెలవెలబోయెననియు, పెట్టలు వానిని విడిచి ఆరోగ్యము గలవానినే ఎక్కువగా కోరెననియు తెలిసినది. జుట్టు పుంజు ఆరోగ్యమునకు ప్రకటన యన్నమాట.

నెమలి విషయమున, ఆడునెమలి మగదాని కన్నీటిని త్రాగి గర్భము ధరించునను వాడుక కలదు. అది నిజము గాదు. నెమళ్లును తక్కిన పక్షులవలెనే జతగూడును. ఇంగ్లండులోని యొక పరిశోధకురాలు 1994లో, పింఛమున పెద్ద కన్నులు గల మగవాని పిల్లలు బాగుగా పెరిగి ఎక్కువగా బ్రతికెనని తెలిపెను. జపానువారు 2008లో, తాము చూచిన నెమళ్లలో ఆడువి అట్టి పింఛమునే కోరినట్లు కానరాలేదని వ్రాసిరి. వాదము సాగుచునే యున్నది. శాస్త్రము పెరుగు తీరు అదియే.

ఎంచునది ఎల్లప్పుడును ఆడుదే యని తలంపరాదు. చెరువులో తామరాకులపై పొడవైన వ్రేళ్లతో నడచు పక్షులు కలవు. వానిలో ఆడుదే పెద్దది. అదియే తోటి ఆడువానితో పోరును, పెక్కు మగవానితో జతగూడును. గ్రుడ్లు పొదుగునది మగది. పిల్లల భారము ఎవరిపై హెచ్చో వారు ఎంచుకొందురు. భారము తక్కువైనవారు పోటీపడుదురు. ఇదియే ఇందలి సూత్రము.

ఇప్పుడు మన సంగతి. ఓపెన్‌కాస్టు గని విస్తరించినప్పుడు పొలమునకు, ఇంటికి, బావికి లెక్క కట్టుదురు. బావిపై వంగిన ఈతచెట్టున గిజిగాని స్వయంవరము జరుగుచున్నదని ఆ లెక్కలో కానరాదు. మంచి తావులు కరవైన, పక్షి చెడ్డతావుల నడుమనే ఎంచుకొనవలసివచ్చును. గాలికి, పాములకు, కాకులకు పిల్లలు బలియగును. ఎంచుటకు పది చెట్లున్ననే ఎంపికకు అర్థము. కావున చెరువుకట్టలపై తాడి, ఈత, తుమ్మచెట్లను వీలైనంత మిగుల్పుడు. పోయినచోట మరల నాటుడు. వానకాలమున పిల్లలు గూళ్లను తెంపుకొని రాకుండ చూడుడు. బొగ్గు కొరకు మనము త్రవ్వునది పూర్వపు అడవిని. గట్టుపై మిగిలియున్నది నేటి అడవి. దానిని కాచుట ఊరి పెద్దల చేతిలోనిదని విన్నవించి, సెలవు తీసికొనుచున్నాను.