గుర్రపుడెక్క: సగం తీస్తే తీయనట్టే



గేదెకు చెమట తక్కువగా పడుతుందని, ఎండాకాలంలో అది నీటిలో పడుకోకపోతే సాయంత్రం పాలు తగ్గుతాయని మీకు ఒకరు చెప్పనక్కర లేదు. అయితే చాలా ఊళ్ళలో ఈ రోజున గేదె దిగడానికి చెరువే మిగలడం లేదు. చెరువు ఉంది, నీరూ ఉంది. కాని గట్టు మీద నిలబడి చూస్తే నీరు కనిపించదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పచ్చని ఆకులు, నడుమ లేత ఊదారంగు పూలు. చూపుకు పచ్చిక బయలు వలె ఉంటుంది. అదే గుర్రపుడెక్క. ఈ మొక్క మన చెరువుల్లోకి ఎలా వచ్చింది, మన పాడికి ఏ విధంగా నష్టం చేస్తుంది, సంఘ సభ్యులుగా మనం ఏమి చేయవచ్చు అన్న విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

ఎక్కడి మొక్క?

ఆకు గుర్రపు గిట్టను పోలి ఉంటుంది కాబట్టి మనవారు దీనికి ఆ పేరు పెట్టుకున్నారు. పేరు మనదే గాని మొక్క మనది కాదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. పువ్వు అందం చూసి పంతొమ్మిదవ శతాబ్దంలో దేశదేశాల వారు తమ తోటల్లోని కొలనుల్లో పెంచుకోవడానికి దీనిని తీసుకుపోయారు. 1890 దశకానికే అమెరికాలోని ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నదిని ఇది కమ్మివేసి, పడవల రాకపోకలకు అడ్డు తగిలింది. దాదాపు ఆ కాలంలోనే బెంగాలుకు చేరింది. అక్కడ కాలువలు, వరి చేలు మునిగిపోయేటంతగా పెరగడంతో, దీని నిర్మూలన కోసం 1936లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. మన వైపు కృష్ణా, గోదావరి డెల్టా కాలువల్లోను, కొల్లేటిలోను, హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల్లోను దీనిని చూడనివారు లేరు.

పరాయి దేశపు మొక్కలన్నీ చెడ్డవని మా అభిప్రాయం కాదు. మిరప, వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే గదా! కాని అవి మనం నాటిన చోట పెరుగుతాయి, మానుకుంటే పోతాయి. గుర్రపుడెక్క అటువంటిది కాదు. పుట్టిన చోట దీనిని తిని అదుపులో ఉంచే పురుగులు, తెగుళ్ళు ఉన్నాయి. మొక్క సముద్రాలు దాటి వచ్చింది గాని, దాని శత్రువులు వెంట రాలేదు. అడిగేవారు లేని చోట అది ఇష్టారాజ్యంగా పెరిగింది.

పదిహేను రోజుల లెక్క

ఈ మొక్క కాడ ఉబ్బి, లోపల బూరుగు వలె మెత్తగా ఉండి గాలి నిండి ఉంటుంది. అందువల్ల నీటిపై తేలుతుంది. ప్రతి మొక్క పక్కలకు తీగ వంటి కాడలు పంపి, వాటి చివర పిల్లమొక్కలు పెడుతుంది. తీగ తెగితే పిల్ల వేరు సంసారం పెడుతుంది. నీరు వెచ్చగా, బలంగా ఉంటే సుమారు పదిహేను రోజుల్లో మొక్కల సంఖ్య రెట్టింపవుతుంది.

ఈ రెట్టింపు లెక్కను కొంచెం నిదానంగా చూడాలి. ఒక్క మొక్కతో మొదలుపెట్టి పదిహేను రోజులకు ఒకసారి రెట్టింపవుతూ పోతే, ఎనిమిది నెలలకు 65,536 మొక్కలవుతాయి. ఇంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. చెరువులో పావు వంతు కప్పినప్పుడు "ఇంకా ముప్పావు ఖాళీగానే ఉంది, కోతలయ్యాక చూద్దాం" అనుకుంటాం. కాని పావు సగం కావడానికి పదిహేను రోజులు, సగం నిండు కావడానికి మరో పదిహేను రోజులు. అంటే మనకు మిగిలిన గడువు ఒక్క నెల.

తీసేటప్పుడు కూడా ఇదే లెక్క. సగం తీసి ఊరుకుంటే పదిహేను రోజుల్లో తిరిగి నిండుతుంది. పదింట తొమ్మిది వంతులు తీసినా, మిగిలిన ఒక్క వంతు రెండు నెలలు తిరగకముందే చెరువును నింపగలదు. పైగా దీని విత్తనాలు అడుగు బురదలో పదిహేను, ఇరవై ఏళ్ళ వరకు మొలకెత్తే శక్తితో ఉండగలవు. ఒక ఏడు డబ్బు ఖర్చుపెట్టి తీయించి, మరుసటి ఏడు మరచిపోయిన ఊళ్ళలో ఆ డబ్బు నీళ్ళపాలు కావడానికి కారణం ఇదే.

నీటి అడుగున ఏమి జరుగుతుంది?

ఆకులు నీటిని కప్పగానే ఎండ లోపలికి దిగదు. నీటిలో ఉండే సన్నని నాచు, ఇతర మొక్కలు ఎండ తగిలితేనే ప్రాణవాయువును తయారు చేస్తాయి. ఎండ లేకపోతే ఆ పని ఆగిపోతుంది. మరోవైపు చచ్చిన ఆకులు, వేళ్ళు అడుగుకు చేరి కుళ్ళుతూ, ఉన్న ప్రాణవాయువును కూడా లాగివేస్తాయి. చేపలు తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే నీటిలో వాటికి ఊపిరి అందడం లేదన్నమాట. ఏటా కుళ్ళిన చెత్త పేరుకొని చెరువు లోతు తగ్గుతుంది. కలువకు, తామరకు చోటుండదు. తూముల వద్ద, వంతెనల కింద డెక్క పోగుపడి నీరు ముందుకు సాగదు. చివరి ఆయకట్టు ఎండుతుంటే, ఎగువన వాననీరు పొలాల మీద పడుతుంది. ఇది చాలక ఆకుల గుండా నీరు ఆవిరై పోతుంది. ఖాళీగా ఉన్న నీటిమట్టం కన్న డెక్క కప్పిన నీటిమట్టం నుంచి ఎక్కువ నీరు పోతుందని పలు పరిశీలనల్లో తేలింది.

దోమల సంగతి కూడా చెప్పాలి. మాన్సోనియా అనే జాతి దోమ పిల్లలు గాలి కోసం నీటిపైకి రావు. డెక్క, అంతరతామర వంటి మొక్కల వేళ్ళకు గుచ్చుకొని వాటిలోని గాలినే పీల్చుకుంటాయి. బోదకాలు రోగంలో ఒక రకాన్ని వ్యాపింపజేసేది ఈ దోమలే.

పశువుకు వచ్చే ముప్పు

నీటి మొక్కల వేళ్ళు, ఆకులు నత్తలకు మంచి ఆశ్రయం. కార్జపు జలగ పిల్లలు కొంతకాలం నత్తలో పెరిగి, బయటకు వచ్చి ఒడ్డునున్న గడ్డికి, నీటి మొక్కలకు అంటుకొని ఉంటాయి. ఆ మేతతో పశువు కడుపులోకి పోయి కార్జాన్ని తినివేస్తాయి. పశువు చిక్కిపోవడం, పారుడు, దవడ కింద నీరు దిగి ఉబ్బడం, పాలు తగ్గిపోవడం దీని గుర్తులు. దాణా ఎంత వేసినా పాలు పెరగడం లేదని కేంద్రం వద్ద వాపోయే సభ్యులు, తమ పశువు ఏ చెరువు ఒడ్డున మేస్తున్నదో ఒకసారి గమనించాలి. పేడ పరీక్ష చేయించి, పశువైద్యుని సలహాపై మందు తాగించాలి.

"డెక్కను మేతగా వేయవచ్చా?" అని సభ్యులు తరచు అడుగుతారు. పచ్చి డెక్క వంద కిలోలు కోస్తే అందులో తొంభై నుంచి తొంభై అయిదు కిలోలు నీరే. పాలిచ్చే గేదెకు రోజుకు పది కిలోల ఎండు పదార్థం కావాలనుకుంటే, డెక్కతోనే కడుపు నింపడానికి వంద నుంచి రెండు వందల కిలోలు వేయాలి. ఏ పశువూ అంత తినలేదు. ఎక్కువ తింటే పారుకుంటుంది. వరదల్లో మేత కొట్టుకుపోయినప్పుడు, మంచి నీటిలో పెరిగిన డెక్కను ఒక పూట వాడబెట్టి, ఎండుగడ్డితో కలిపి కొద్దిగా వేయడం వేరు. దానినే నమ్ముకోవడం వేరు. పట్టణపు మురుగు, ఫ్యాక్టరీల నీరు కలిసే చోటి డెక్కను మాత్రం ఎట్టి పరిస్థితిలోను వేయకండి. అది సీసం, కాడ్మియం వంటి విషపు లోహాలను నీటి నుంచి పీల్చి తనలో నిలవ చేసుకుంటుంది.

దానిని మేపుతున్నది మనమే

తెచ్చినవారు ఎవరైనా, పెంచుతున్నది మాత్రం మనమే. డెక్క బలం నీటిలోని ఎరువు. ఊరి మురుగు, పొలాల నుంచి కొట్టుకువచ్చే యూరియా దానికి ఆహారం. మన పాడి వారు కూడా ఇందులో భాగస్వాములే. పేడదిబ్బ చెరువు గట్టు మీద, కొట్టం కడిగిన నీరు చెరువులోకి! చేనుకు పోవలసిన బలాన్ని మనమే తీసుకుపోయి డెక్కకు పోస్తున్నాము.

చేయవలసిన పనులు

1. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు తీయడం మేలు. డెక్క తక్కువ జాగాలో చేరుతుంది, ఒడ్డున మిగిలినది ఎండకు మాడుతుంది. పూత రాకముందే తీస్తే విత్తనం రాలదు.

2. తీసిన డెక్కను గట్టు మీద వదలవద్దు. మొదటి వానకు తిరిగి నీటిలో పడుతుంది. వాననీరు చెరువుకు పారని చోట ఎండబెట్టి, పేడతో కలిపి కంపోస్టు చేయండి. పేడతో కలిపి గోబర్ గ్యాసుకు కూడా వాడవచ్చు.

3. పూర్తిగా తీసిన తరువాత నెలకు రెండుసార్లు ఇద్దరు మనుషులు గట్టు చుట్టూ తిరిగి, కనబడిన ప్రతి మొక్కను ఏరివేయాలి. అసలు పని ఇదే. పది మొక్కలు ఏరడానికి ఒక గంట చాలు. ఆరు నెలలాగితే యంత్రం కావాలి.

4. చెరువులోకి కాలువ వచ్చే చోట వెదురు తడిక కట్టి, ఎగువ నుంచి వచ్చేదాన్ని అక్కడే ఆపి తీయాలి.

5. పువ్వు బాగుందని తొట్టెల్లోకి తేవద్దు. వలలు, పడవలు, చేపపిల్లల నీరు మరో చెరువుకు మార్చేటప్పుడు మొక్క ముక్క కూడా అంటుకొని లేకుండా చూడాలి.

6. పశువులు తాగే నీటిలో ఎవరి మాటనో విని కలుపు మందు కొట్టవద్దు. మందుతో చచ్చిన డెక్క అంతా ఒకేసారి కుళ్ళి చేపలను కూడా చంపుతుంది.

7. పేడదిబ్బను గట్టు నుంచి దూరంగా జరపండి. కొట్టం నీటిని పశుగ్రాసపు మడికి మళ్ళించండి.

పెద్ద చెరువుల్లో మనుషుల చేత కాని చోట మరొక ఉపాయం ఉంది. డెక్కను మాత్రమే తిని బతికే రెండు రకాల ముక్కు పురుగులను దాని పుట్టింటి వైపు నుంచి వెదకి తీశారు. 1980 దశకం మొదట్లో వాటిని మన దేశానికి తెప్పించి బెంగుళూరు పరిసరాల చెరువుల్లో విడిచినప్పుడు మంచి ఫలితాలు వచ్చాయి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో కూడా 1990 దశకం చివరి నాటికి ఈ పురుగుల సాయంతో డెక్క చాలావరకు తగ్గింది. అయితే పురుగు పనికి నెలలు, ఏళ్ళు పడుతుంది. మురుగు ఆపకపోతే పురుగు తినే దానికన్న మొక్క పెరిగేదే ఎక్కువవుతుంది. దీనికి వ్యవసాయ శాస్త్రజ్ఞుల సలహా అవసరం.

చెరువు ఏ ఒక్కరిదీ కాదు. అందుకే దాని పని ఎవరిదీ కాకుండా పోతోంది. ఒక్క రైతు పాలు లారీని నింపవు గదా. అందరూ తలా రెండు లీటర్లు పోస్తేనే సంఘం నడుస్తోంది. ఆ అలవాటు మన సంఘాలకు ఇప్పటికే ఉంది. వచ్చే పాలకవర్గ సమావేశంలో చెరువు సంగతిని ఒక అంశంగా పెట్టండి. పంచాయతీని, నీటిపారుదల వారిని, చేపల సంఘాన్ని పిలిచి మాట్లాడండి. తీసే తేదీతో పాటు, తీసిన తరువాత నెలనెలా గట్టు తిరిగే ఇద్దరి పేర్లు కూడా ఆ రోజే తీర్మానాల పుస్తకంలో రాయండి. తేదీ మాత్రమే రాసి పేర్లు రాయకపోతే, వచ్చే ఏడు ఇదే వ్యాసం మళ్ళీ చదువుకోవలసి వస్తుంది.